గ్నూస్‌తో మెయిలు, న్యూస్‌గ్రూపులు: తెలుగు విరగకుండా, వందల ఉత్తరాల్లో మునగకుండా

గ్నూస్ అంటే ఈమ్యాక్స్ అనే ఎడిటర్ లోపలే మెయిలు, న్యూస్‌గ్రూపులు (నెట్‌లో విషయాలవారీగా నడిచే చర్చా వేదికలు) చదివే ప్రోగ్రాం. బ్యాంకు మెసేజీలు, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు సర్క్యులర్లు తప్ప ఇంకేమీ రాని ఇన్‌బాక్స్‌కు గ్నూస్ అక్కర్లేదు. ఫోన్లో ఉన్న యాప్ చాలు. కానీ నాలాగా రోజూ వందల ఉత్తరాలు చూడాల్సిన వాళ్లుంటే, వాటిలో పనికొచ్చేవి పట్టుకోవడానికే సగం పూట పోతుంటే, ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని దీన్ని సెట్ చేసుకోండి.

నేను కాకినాడలో ఉంటాను. ఇంటి నుంచే డేటాబేస్ సర్వర్లు చూసుకునే ఉద్యోగం. పోస్ట్‌గ్రెస్, డెబియన్, లినక్స్ కెర్నెల్ లాంటి సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లు ఏం మారుస్తున్నారో, ఎక్కడ బగ్ దొరికిందో ముందుగా తెలిసేది వాళ్ల మెయిలింగ్ లిస్టుల్లోనే, అంటే చేరినవాళ్లందరికీ ఉత్తరాలు వెళ్లే చర్చల్లోనే. అందుకే అవి చదవడం నా పనిలో భాగమైంది. ఇంతకుముందు టెర్మినల్లో నడిచే మెయిల్ ప్రోగ్రాములు మట్, ఆల్పైన్ వాడాను. రెండూ మంచి ప్రోగ్రాములే. వాటిని వదిలి గ్నూస్‌కు రావడానికి మొదటి కారణం మాత్రం తెలుగు.

టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా విడగొట్టి, గడికో అక్షరం పెడుతుంది. ఇంగ్లీషుకు సరిపోతుంది. 'స్త్రీ', 'లక్ష్మి', 'జ్యోత్స్న' లాంటి మాటలు ఆ గళ్లలో ఇమడవు. చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోతాయి, గుణింతం పక్క అక్షరం మీద పడుతుంది, కర్సర్ ఒకచోట ఉంటే చెరిగేది ఇంకోచోట. మా అమ్మ పంపిన ఉత్తరం అలా ముక్కలై కనిపిస్తే చదవబుద్ధి కాదు. గ్నూస్ ఈమ్యాక్స్ ఎడిటర్‌లో భాగం. 2020లో వచ్చిన ఈమ్యాక్స్ 27 నుంచి అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ లైబ్రరీ చేస్తోంది. దాంతో ఈమ్యాక్స్‌ను సొంత విండోలో తెరిస్తే ఒత్తులన్నీ ఉండాల్సిన చోటే ఉంటాయి. టెర్మినల్ లోపల నడిపితే మాత్రం కథ మళ్లీ మొదటికే. కాబట్టి విండోలోనే తెరవండి. సెట్టింగుల్లో ఒక్క లైను రాసి తెలుగుకు విడిగా ఫాంట్ చెప్పొచ్చు. నేను మండలి పెట్టుకున్నాను, నోటో సాన్స్ తెలుగు కూడా బాగుంటుంది. టైపింగుకు ఐట్రాన్స్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేది), ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు అమరిక) రెండు పద్ధతులూ ఈమ్యాక్స్‌లోనే ఉన్నాయి. కంట్రోల్, బ్యాక్‌స్లాష్ కలిపి నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు.

ఒక్క లోటుంది. ఉత్తరాల జాబితాలో పంపినవాళ్ల పేరు తెలుగులో ఉంటే ఆ వరుసలో కాలమ్ కాస్త వంకరపోతుంది. చదవడానికి అడ్డం కాదు గానీ కంటికి తెలుస్తుంది.

గ్నూస్ పుట్టుక తెలుసుకుంటే వాడకం సులువవుతుంది. మొదటి గ్నూస్‌ను 1980ల చివర్లో జపాన్‌కు చెందిన మసనోబు ఉమెడా రాశారు. 1990ల మధ్యలో నార్వేకు చెందిన లార్స్ మాగ్నె ఇంగెబ్రిగ్ట్‌సెన్ దాన్ని మొత్తం తిరగరాశారు. అది పుట్టింది న్యూస్‌గ్రూపులు చదవడానికి, మెయిల్ తర్వాత వచ్చి చేరింది. అందుకే మెయిల్‌ను కూడా న్యూస్‌లాగే చూస్తుంది. చదివేసిన పేపర్ పక్కన పెట్టేసినట్టు, చదివిన ఉత్తరాన్ని కళ్లముందు నుంచి తీసేస్తుంది. కొత్త ఉత్తరాలు లేని గ్రూపును (మెయిల్ ఫోల్డరును కూడా గ్నూస్ గ్రూపు అనే అంటుంది) అసలు చూపించనే చూపించదు. కొత్తగా వచ్చినవాళ్లకు టెన్షన్ పుట్టేది ఇక్కడే: "నా ఇన్‌బాక్స్ ఏమైంది?" ఏమీ కాలేదు. గ్రూపుల తెరలో క్యాపిటల్ ఎల్ కొడితే అన్నీ కనిపిస్తాయి. ఎప్పుడూ కళ్లెదుట ఉండాల్సిన ఉత్తరం మీద ఆశ్చర్యార్థకం గుర్తు నొక్కితే అది కదలదు. నాకు ఇప్పుడు మామూలు యాప్‌లో పాతవీ కొత్తవీ కలిసి కుప్పగా కనిపిస్తే చిరాకు వస్తోంది.

మొదలుపెట్టడానికి రాయాల్సింది కొద్దిగానే. హోమ్ ఫోల్డర్లో డాట్ గ్నూస్ డాట్ ఈఎల్ అనే ఫైలు పెట్టి, న్యూస్ సర్వర్ పేరు ఒక లైనులో, వచ్చిన మెయిల్ చదవడానికి ఐమ్యాప్ సర్వర్ పేరు ఇంకో లైనులో, మెయిల్ పంపడానికి ఎస్ఎంటీపీ సర్వర్ వివరాలు ఆ కిందా రాయాలి. పాస్‌వర్డులు ఇక్కడ రాయొద్దు. డాట్ ఆథ్‌ఇన్ఫో డాట్ జీపీజీ అనే ఫైల్లో పెడితే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. జీమెయిల్‌కు మామూలు పాస్‌వర్డు పనిచేయదు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. ఓఆథ్ (పాస్‌వర్డు బదులు బ్రౌజర్లో లాగిన్ అయి అనుమతి ఇచ్చే పద్ధతి) తప్ప ఇంకోదారి ఒప్పుకోని ఆఫీసు మెయిళ్లతో మాత్రం అదనంగా చాలా తిప్పలు పడాలి. నా ఆఫీసు మెయిల్ అలాంటిదే, దాన్ని బ్రౌజర్లోనే చూస్తున్నాను.

న్యూస్ సర్వర్‌గా నేను పెట్టుకున్నది జీమేన్. లార్స్ 2002లో మొదలుపెట్టిన ఈ సర్వీసు మెయిలింగ్ లిస్టులను న్యూస్‌గ్రూపులుగా మార్చి ఇస్తుంది. 2020 నుంచి న్యూస్ డాట్ జీమేన్ డాట్ ఐఓ అనే చిరునామాలో ఉంది. దీనివల్ల నా ఇన్‌బాక్స్‌లోకి ఒక్క లిస్టు మెయిలు కూడా రాదు. చేరడం, మానేయడం అంటూ ఎవరికీ రాయక్కర్లేదు. గ్రూపు పేరు మీద యు నొక్కితే చాలు. పదేళ్ల కిందటి చర్చ కావాలన్నా అదే గ్రూపులో వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు. కెర్నెల్ లిస్టులకైతే కెర్నెల్ డాట్ ఆర్గ్ వాళ్ల సొంత న్యూస్ సర్వర్ ఉంది, లోర్ పేరుతో. రెండింటినీ ఒకే తెర మీద, నా సొంత మెయిల్ పక్కనే చదువుతున్నాను.

గ్రూపులకు లెవెల్స్, అంటే ముఖ్యత్వాన్ని బట్టి నంబర్లు, ఇవ్వొచ్చు. పనికి సంబంధించినవి 2 లోపు పెట్టాను, సరదా కోసం చదివేవి 4లో. పొద్దున్నే 2 కొట్టి జి నొక్కితే పనివి మాత్రమే కొత్త ఉత్తరాలు తెచ్చుకుంటాయి. మిగతావి సాయంత్రం.

అసలు గ్నూస్‌ను గ్నూస్ చేసింది స్కోరింగ్. ఉత్తరాల జాబితా తెరలో ఒక చర్చ మనకు ముఖ్యమనిపిస్తే క్యాపిటల్ ఐతో మార్కులు పెంచాలి, విసుగనిపిస్తే క్యాపిటల్ ఎల్‌తో తగ్గించాలి. సబ్జెక్టు మీదైనా సరే, రాసినవాళ్ల పేరు మీదైనా సరే. తాత్కాలికంగా పెట్టిన రూల్‌కు 7 రోజులపాటు ఏ ఉత్తరమూ తగలకపోతే అదే తొలగిపోతుంది. పాత గొడవల కోసం పెట్టిన రూల్స్ అలా పేరుకుపోకుండా ఉంటాయి. అడాప్టివ్ స్కోరింగ్ ఆన్ చేస్తే ఈ శ్రమ కూడా తగ్గుతుంది. మనం ఏవి తెరిచి చదువుతున్నామో, ఏవి చదవకుండా తోసేస్తున్నామో చూసి తనే మార్కులు వేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో వ్యాక్యూమ్ (పనికిరాని పాత డేటాను ఊడ్చే పని) గురించిన చర్చలు నాకు అన్నం పెట్టేవి. ఇప్పుడు అవి పైకి వచ్చి కూర్చుంటున్నాయి. విండోస్ ఇన్‌స్టాలర్ ప్రశ్నలు అడుక్కి పోతున్నాయి. ఈ లెక్క ఎక్కడో కంపెనీ సర్వర్లో కాదు, నా కంప్యూటర్లో, నేను తెరిచి చదవగలిగే ఫైల్లో ఉంటుంది. నచ్చకపోతే ఆ ఫైల్లోనే దిద్దుకుంటాను. ఈ ఒక్క సౌకర్యం కోసం మిగతా ఇబ్బందులన్నీ భరిస్తాను.

ఇబ్బందులు ఉన్నాయి మరి. పెద్దది, నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు కొత్త ఉత్తరాలు తెచ్చుకునేంతసేపూ ఈమ్యాక్స్ మొత్తం బిగుసుకుపోతుంది. అదే విండోలో రాసుకుంటున్న పని ఆగిపోతుంది. నేను గ్నూస్ కోసం వేరే ఈమ్యాక్స్ తెరిచి పెట్టుకుంటున్నాను. గాలివానకు నెట్ పోయే ఊళ్లో ఉండేవాళ్లకు ఏజెంట్ అనే ఏర్పాటు పనికొస్తుంది. ఉత్తరాలు ముందే దింపుకుని నెట్ లేకుండా చదవొచ్చు. దానికి సర్వర్‌ను ఏజెంట్ కిందికి చేర్చి, ఏవి దింపాలో కేటగిరీలో చెప్పాలి. మాన్యువల్ ఈ భాగంలో అంత తేలిగ్గా అర్థం కాదు, ఓపిక పట్టండి. హెచ్‌టీఎంఎల్ మెయిళ్లు చదవగలిగేలా కనిపిస్తాయి గానీ అందంగా ఉండవు. మన మెయిల్ గ్రూపుల్లో బయటి బొమ్మలను గ్నూస్ ముందే ఆపేస్తుంది కాబట్టి, మెయిల్ తెరిచామని అవతలివాళ్లకు కబురు చేరదు.

సంతకాల సంగతి చెప్పాలి. పోస్టింగ్ స్టైల్స్‌లో గ్రూపును బట్టి పేరు, చిరునామా, సంతకం మారేలా రాసుకోవచ్చు. టెక్నికల్ గ్రూపుల్లో నా పేరు ఇంగ్లీషులో వెళ్తుంది, ఇంట్లోవాళ్లకు రాసేటప్పుడు తెలుగులో.

1990ల్లో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకున్న మనవాళ్లు సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అనే న్యూస్‌గ్రూపులో ఇలాంటి రీడర్లతోనే కబుర్లాడుకున్నారు. అప్పటి తెరల మీద తెలుగు లిపి లేక, రైస్ యూనివర్సిటీలో తయారైన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో పద్యాలు రాసుకున్నారు. గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్‌లో (ఇలాంటి న్యూస్‌గ్రూపులు ఉండే నెట్‌వర్క్) కొత్త పోస్టులు తీసుకోవడం మానేసినా, పాతవి చదవడానికి ఉంచింది. యూజ్‌నెట్‌లో ఇప్పుడు రాయాలనుకునేవాళ్లు ఎటర్నల్ సెప్టెంబర్ సర్వర్లో ఉచితంగా రిజిస్టర్ అయి, దాన్ని గ్నూస్‌లో ఇంకో లైనుగా చేర్చుకోవచ్చు.

వాడటం మొదలుపెట్టాక ఒక ఫైలును మాత్రం జాగ్రత్తగా చూసుకోండి: డాట్ న్యూస్‌ఆర్‌సీ డాట్ ఈఎల్‌డీ. ఏ గ్రూపులు తీసుకున్నారో, న్యూస్‌గ్రూపుల్లో ఎంతవరకు చదివారో ఉండేది అందులోనే. కొత్త ల్యాప్‌టాప్‌కు మారేటప్పుడు దాన్ని, స్కోర్ ఫైళ్లను, పాస్‌వర్డ్ ఫైలును, డాట్ గ్నూస్ డాట్ ఈఎల్‌ను కాపీ చేసుకుంటే మీ ఏర్పాటంతా అక్కడికి వచ్చేస్తుంది. ఆ పాస్‌వర్డ్ ఫైలు తెరుచుకోవాలంటే జీపీజీ (ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోగ్రాం) తాళం కూడా వెంట తీసుకెళ్లాలి.