జాగ్రత్త: అన్‌లిమిటెడ్ హోస్టింగ్ ప్యాకేజీ కొనే ముందు డొమైన్ ఎవరి పేరు మీద ఉంటుందో అడగండి

అందరికీ నమస్కారం. సొంతంగా వెబ్ అప్లికేషన్ తయారుచేసి, దాన్ని జనంలోకి తేవడానికి చౌకలో డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ చోటు) వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "మూడేళ్ల డొమైన్, అన్‌లిమిటెడ్ హోస్టింగ్, ఎస్ఎస్ఎల్, మెయిల్ ఐడీలు, అన్నీ కలిపి 6,499" లాంటి ప్రకటన కనిపిస్తే, డబ్బు కట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. డొమైన్ మీ పేరు మీద, మీ లాగిన్‌లో ఉంటుందా? మీ డేటాబేస్ కాపీ వాళ్ల సర్వర్ బయట ఎక్కడైనా ఉంటుందా? నేను ఈ రెండూ అడగలేదు. శ్రావణమాసం మొదటి ముహూర్తాలకే నా అప్లికేషన్ వాడే 23 టెంట్ హౌసుల లెక్కలు ఆగిపోయాయి.

మొదటి నుంచి చెప్తాను. మా మావయ్యకు తెనాలిలో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు, వడ్డన బకెట్లు అద్దెకిస్తారు. పెళ్లిళ్ల రోజుల్లో ఒకే సాయంత్రం ఏడెనిమిది చోట్లకు సామాను వెళ్తుంది. ఎక్కడికి ఎన్ని కుర్చీలు వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఎవరు ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, అంతా ఒక పుస్తకంలో రాసుకుంటారు. పాతిక కుర్చీలు తగ్గితే అవి ఏ పెళ్లింట ఉండిపోయాయో కనుక్కోవడానికి మావయ్య ఆ పుస్తకం ముందు పెట్టుకుని రాత్రి పదింటి దాకా ఫోన్లు చేయడం చిన్నప్పటి నుంచీ చూశాను. అందుకే హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూనే, శని ఆదివారాలు కూర్చుని ఏడు నెలల్లో, ఆ లెక్కలన్నీ ఫోన్‌లోనే రాసుకునే అప్లికేషన్ రాశాను. లారావెల్‌లో కోడ్, మైఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్. సామాను తీసుకెళ్లే ఆటో డ్రైవర్ పాత ఫోన్‌లో కూడా తెరుచుకునేంత తేలికైన పేజీలు. మావయ్య రెండు నెలలు వాడి, నచ్చి, తనకు తెలిసిన మిగతా సప్లయర్స్‌కు చెప్పారు. ఆషాఢం అయ్యేసరికి తెనాలి, గుంటూరు, రేపల్లె వైపు నుంచి మొత్తం 23 మంది చేరారు.

హోస్టింగ్ కొన్న సంగతి. ఫోన్‌లో ప్రకటన చూసి కాల్ చేశాను. మాట్లాడినతను చాలా మర్యాదగా, "అన్నీ మేమే చూసుకుంటాం సార్, మీరు కోడ్ అప్‌లోడ్ చేసుకుంటే చాలు" అన్నాడు. యూపీఐలో డబ్బు పంపమని ఒక వ్యక్తి పేరున్న నంబర్ ఇచ్చాడు. జీఎస్టీ బిల్లు అడిగితే "పంపిస్తాం సార్" అన్నాడు. ఇంతవరకు రాలేదు. అరగంటలో సీప్యానెల్ (హోస్టింగ్ నడుపుకునే పేజీ) లాగిన్ వచ్చింది, సైట్ తెరుచుకుంది. నాకు అంతే కావాలి అనిపించింది.

ఇప్పుడు వెనక్కి చూస్తే అప్పుడే పట్టుకోవాల్సిన గుర్తు ఒకటి ఉంది. కొత్తగా డొమైన్ కొన్నప్పుడు రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర్నుంచి, ఎవరి పేరు మీద కొన్నారో వాళ్లకు, ఈమెయిల్ నిర్ధారించమని ఒక మెయిల్ వస్తుంది. 15 రోజుల్లోగా కొన్నవాళ్ల వివరాలు నిర్ధారించుకోవాలన్నది రిజిస్ట్రార్లకు ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ) పెట్టిన నిబంధన. నాకు ఆ మెయిల్ రాలేదు. వచ్చింది వాళ్లకి, ఎందుకంటే కొన్నది వాళ్ల పేరు మీద. నా చేతిలో ఉన్నది సీప్యానెల్ మాత్రమే. సీప్యానెల్ హోస్టింగ్‌కు తాళం, డొమైన్‌కు కాదు. డొమైన్ తాళం రిజిస్ట్రార్ దగ్గర ఉండే వేరే ఖాతా. ఈ తేడా తెలియని డెవలపర్లు చాలామంది ఉన్నారు. ఎనిమిదేళ్లుగా కోడ్ రాస్తున్నాను, నేనూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఆఫీసులో ఆ పని ఎప్పుడూ వేరే టీమ్ చేసేది.

శ్రావణం వచ్చింది. మొదటి ముహూర్తం రోజు సాయంత్రం ఆరున్నరకు మావయ్య ఫోన్. "ఒరేయ్ అబ్బాయ్, తెరవడం లేదు. ఏదో 508 అంటోంది." నేను ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. పది నిమిషాల్లో రేపల్లె నుంచి, గుంటూరు నుంచి వరసగా ఫోన్లు. లారీలో సామాను ఎక్కించి, లెక్క నమోదు చేయలేక నిలబడిపోయారు. పెళ్లింటివాళ్లు తొందరపెడుతున్నారు. ఆ గంట నేను పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

508 ఎందుకు వస్తుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే 'అన్‌లిమిటెడ్' అన్న మాట లోగుట్టు ఇక్కడే ఉంది. చౌక షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల మంది ఉంటారు. ఒకరు మిగతావాళ్లను తినేయకుండా చాలా కంపెనీలు క్లౌడ్ లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడి ప్రతి ఖాతాకూ హద్దులు పెడతాయి. సీపీయూకి ఒక హద్దు, మెమరీకి ఒక హద్దు, ఒకే క్షణంలో నడవగలిగే పనులకు ఒక హద్దు. ఈ చివరి దాన్ని ఎంట్రీ ప్రాసెస్ అంటారు. నా ఖాతాకు అది 20. వాళ్లు అన్‌లిమిటెడ్ అని చెప్పింది డిస్క్ చోటు గురించి, బ్యాండ్‌విడ్త్ గురించి. ఈ 20 సంగతి ప్రకటనలో లేదు, ఫోన్‌లో చెప్పలేదు.

లెక్క చూడండి. ప్రతి టెంట్ హౌస్‌లో మూడు నాలుగు ఫోన్లు, మొత్తం 80 దాకా. సామాను లెక్క తాజాగా కనిపించాలని ప్రతి ఫోన్ 5 సెకన్లకోసారి సర్వర్‌ను అడిగేలా రాశాను. సెకనుకు 16 అభ్యర్థనలు. ఒక్కోదానికి జవాబివ్వడానికి ఒకటిన్నర సెకను పడుతోంది. 16ను ఒకటిన్నరతో హెచ్చిస్తే 24. అంటే ఏ క్షణంలో చూసినా లోపల 24 పనులు నడుస్తుండాలి, హద్దేమో 20. మిగిలినవాళ్లకు 508 అనే ఎర్రర్. మామూలు రోజుల్లో ఫోన్లన్నీ ఒకేసారి తెరిచి ఉండవు కాబట్టి ఆషాఢంలో ఎప్పుడూ బయటపడలేదు.

ఇందులో నా తప్పు నాది. తిరిగిరాని సామాను వెతికే క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) వెతుకులాట తొందరగా అయ్యేలా చేసే ఇండెక్స్ పెట్టలేదు. తర్వాత పెడితే అదే పని సెకనులో పదో వంతులో అయిపోయింది. 5 సెకన్లకోసారి అడగాల్సిన అవసరం కూడా లేదు, 30 సెకన్లు చాలు. కాబట్టి ఆ రాత్రి సైట్ ఆగినందుకు మొత్తం నింద వాళ్ల మీద వేయను. హద్దు ఉందని ముందే చెప్పి ఉంటే పరీక్షించుకుని ఉండేవాడిని. కానీ నేను ఈ హెచ్చరిక రాస్తున్నది ఆ రాత్రి గురించి కాదు, ఆ తర్వాత జరిగిన దాని గురించి.

మర్నాడు పొద్దున ఫోన్ చేస్తే "బిజినెస్ ప్లాన్‌కు మారండి సార్, ఏడాదికి 18,000" అన్నారు. వద్దు, వేరే చోటికి వెళ్తాను, డొమైన్‌ను తరలించడానికి కావాల్సిన ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వండి అన్నాను. మాట తీరు అప్పుడు మారింది. డొమైన్ ప్యాకేజీలో భాగమట, విడిగా ఇవ్వరట, కావాలంటే 12,000 కట్టాలట. డాట్ కామ్ డొమైన్ నేరుగా కొంటే ఏడాదికి వెయ్యి రూపాయల అటూఇటూ. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూపే ఐకాన్ లుకప్ పేజీలో నా డొమైన్ కొట్టి చూశాను. రిజిస్ట్రెంట్ ఆర్గనైజేషన్ (కొన్న సంస్థ) అన్న చోట వాళ్ల సంస్థ పేరు ఉంది. కొన్నవారు అడిగిన 5 రోజుల్లో రిజిస్ట్రార్ ఆ కోడ్ ఇవ్వాలని నియమం ఉంది. కానీ ఆ హక్కు రికార్డులో పేరున్నవారికే. రిజిస్ట్రార్‌కు రాస్తే వాళ్లూ అదే చెప్పారు.

ఫిర్యాదు చేస్తానని వాట్సాప్‌లో రాశాను. తొందరపడ్డాను. ఆ సాయంత్రమే ఖాతా ఆపేశారు. "అధిక వనరుల వినియోగం, నిబంధనల ఉల్లంఘన" అని ఒక్క వాక్యం మెయిల్. సీప్యానెల్ తెరుచుకోలేదు. నేను రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ తీసే క్రాన్ (సమయానికి తనంతట తానే నడిచే పని) పెట్టుకున్నాను. ఆ బ్యాకప్ ఫైళ్లు ఎక్కడున్నాయంటే, అదే ఖాతాలో, ఒక ఫోల్డర్‌లో. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్‌లు కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు. ఆ వార్త అప్పట్లో చదివి ఆఫీసులో మిత్రులతో గంటసేపు చర్చించాను. నా సొంత పనికి వచ్చేసరికి అదే చేశాను. మంటలు అక్కర్లేదు, అవతలివాడు ఒక బటన్ నొక్కితే చాలు.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీ 11 రోజుల పాతది. ఆ 11 రోజులూ శ్రావణం బుకింగులు పడిన రోజులు.

మావయ్య పుస్తకం రాయడం మానలేదు కాబట్టి ఆయన లెక్క మిగిలింది. మిగతావాళ్లలో చాలామంది మానేశారు. రేపల్లెలో ఒకాయనవి 140 కుర్చీలు ఎక్కడున్నాయో తేలలేదు. శుక్రవారం రాత్రి బస్సెక్కి తెనాలి వెళ్లాను. పోయిన డబ్బు గురించి మొదలుపెడితే మావయ్య ఆపేశారు. "డబ్బు పోతే పోయింది. వాళ్లు నా మాట మీద పుస్తకాలు మానేశారు. ముందు వాళ్ల లెక్క తేల్చరా" అన్నారు. ఇద్దరం కలిసి ఒక్కో ఊరూ తిరిగాం. ఆటో డ్రైవర్ల వాట్సాప్ ఫోటోలు, అడ్వాన్స్ చీటీలు, యూపీఐ మెసేజ్‌లు ముందేసుకుని ఒక్కో బుకింగ్ మళ్లీ నమోదు చేశాను. సెలవు పెట్టి తొమ్మిది రోజులు చేశాను. ఆ 140 కుర్చీల్లో 112 దొరికాయి. మిగతా 28 కుర్చీల డబ్బు నేనిచ్చాను, ఆయన వద్దన్నా.

అప్లికేషన్ ఇప్పుడు వేరే కంపెనీలో నెలకు 900 రూపాయల వీపీఎస్ (మనకంటూ విడిగా వాటా ఉన్న సర్వర్) మీద నడుస్తోంది. పేరు మాత్రం కొత్తది. పాత పేరుతో వేయించిన స్టిక్కర్లు, కార్డుల మీది క్యూఆర్ కోడ్‌లు అన్నీ వృథా అయ్యాయి.

మీరు కొనబోతుంటే నేను చెప్పేది ఇది. డొమైన్‌నూ హోస్టింగ్‌నూ ఒకే చోట కొనొద్దు. డొమైన్ నేరుగా రిజిస్ట్రార్ దగ్గర, మీ పేరు, మీ ఈమెయిల్‌తో కొనండి. క్లయింట్ కోసం చేస్తుంటే క్లయింట్ పేరు మీద కొనిపించండి, మీ పేరు మీద వద్దు. రేపు మీరు ఫోన్ ఎత్తకపోతే వాళ్ల పరిస్థితి ఇప్పటి నా పరిస్థితే. కొన్న 60 రోజుల్లోపు వేరే రిజిస్ట్రార్‌కు మార్చడం సాధారణంగా కుదరదు, అది మామూలు నిబంధనే, దానికి కంగారుపడొద్దు. విదేశీ రిజిస్ట్రార్ దగ్గర కొంటే కార్డు ఆటో రెన్యూవల్‌ను నమ్మొద్దు. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ కొత్త నియమాలు వచ్చాక మన కార్డుల మీద ఆటో డెబిట్ చాలాచోట్ల ఫెయిల్ అవ్వడం మొదలైంది. క్యాలెండర్‌లో నెల ముందే గుర్తు పెట్టుకుని చేత్తో కట్టండి.

ఎస్ఎస్ఎల్‌కు (సైట్‌కు https తెచ్చే సర్టిఫికెట్‌కు) విడిగా డబ్బు అడిగితే కట్టక్కర్లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది. "ఫ్రీ ఎస్ఎంఎస్‌లు" అంటే కూడా ఆశపడొద్దు. మన దేశంలో వ్యాపార ఎస్ఎంఎస్ పంపాలంటే డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వేదికలో మీ సంస్థ, హెడర్ (పంపేవారి పేరు), మెసేజ్ నమూనా అన్నీ నమోదై ఉండాలి, అది ప్యాకేజీతో పాటు వచ్చేది కాదు.

హోస్టింగ్ అమ్మేవాళ్లను ఎంట్రీ ప్రాసెస్ హద్దు ఎంత, సీపీయూ ఎంత, మెమరీ ఎంత అని వాట్సాప్‌లో కాదు, మెయిల్‌లో అడగండి. జవాబు మెయిల్‌లోనే రావాలి. జీఎస్టీ బిల్లు చేతికొచ్చాకే పూర్తి డబ్బు కట్టండి. బిల్లు లేకపోవడం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతోంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, చూపించడానికి నా దగ్గర యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్ మాత్రమే ఉన్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారుల కిందకు రారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. ఉద్యోగం ఉన్న నేను దేని కిందకు వస్తానో ఒక లాయర్‌ను కలిసి అడగబోతున్నాను.

ఇలాంటి ప్యాకేజీ ఇప్పటికే కొనేసి ఉంటే వాళ్లతో గొడవ మొదలుపెట్టకండి, చాట్‌లో ఫిర్యాదు మాట ఎత్తకండి. ముందు ఈ రాత్రే డేటాబేస్ మొత్తం, అప్‌లోడ్ ఫైళ్లతో సహా మీ ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి, ఇంకో కాపీ వేరే క్లౌడ్‌లో పెట్టండి. వేరే చోట సర్వర్ తీసుకుని అక్కడ ఆ కాపీతో అప్లికేషన్ తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో లుకప్‌లో చూడండి. అక్కడ వివరాలు దాచి ఉంటే, రిజిస్ట్రార్ దగ్గర మీకంటూ లాగిన్ ఉందా అన్నది చూసుకోండి, లేకపోతే అది మీది కాదు. అప్పుడు వాళ్లను మర్యాదగా, మెయిల్‌లో, పేరు మార్చమని అడగండి. కొత్త పేరుతో ఇంకో డొమైన్ మీ పేరు మీద కొని పక్కన పెట్టుకుని, మీ వాడుకదారుల ఫోన్ నంబర్లన్నీ కూడా రాసుకున్నాకే ఆ మెయిల్ పంపండి. నా 23 మందిలో ఆరుగురి నంబర్లు ఆ డేటాబేస్‌లో తప్ప నా దగ్గర లేవు. వాళ్లకు కొత్త చిరునామా చెప్పడానికి మావయ్య బండి మీద వెళ్లారు.