దుబాయ్ సామాన్ల షాపు: ఖర్జూరాలకి వెళ్ళొచ్చు, క్రీముల ర్యాక్ జోలికి మాత్రం పోవద్దు

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి రెండు. ఖర్జూరాలు, డ్రై ఫ్రూట్స్ వరకే అయితే నాలుగు ఇచ్చేదాన్ని, కానీ మిగతా ర్యాకులు చూశాక మనసొప్పలేదు.

షాపు పేరు రాయట్లేదండి. గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఎక్కువున్న ఊళ్ళన్నిట్లో, మా కోనసీమ కానీ, కడప రాజంపేట వైపు కానీ, నిజామాబాద్ జగిత్యాల వైపు కానీ ఇలాంటి షాపులు ఉన్నాయి, అన్నిట్లో దాదాపు ఇదే సరుకు, కాబట్టి మీ ఊళ్ళో షాపుకి కూడా ఇది పనికొస్తుంది. లోపల నీట్‌గానే ఉంటుంది, ఏసీ ఉంది, కుర్రాళ్ళు మర్యాదగా మాట్లాడతారు, పార్కింగ్‌కే కష్టం.

బాగున్నవి ముందు చెప్తా. సౌదీ ఖర్జూరం డబ్బా తీసుకున్నా, మెత్తగా ఉంది, పురుగు లేదు, పులిసిన వాసన లేదు. డబ్బా వెనక అరబిక్ అక్షరాల పక్కన మన దేశం స్టిక్కర్ ఉంది, దాని మీద దిగుమతి చేసిన కంపెనీ పేరు, చెన్నై అడ్రస్, ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ) లోగో, 14 అంకెల లైసెన్స్ నంబరు, ఆకుపచ్చ చుక్క, ఎంఆర్‌పీ, దిగుమతి అయిన నెల, కంప్లైంట్‌కి ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. నేను మొదట చూసేది ఈ స్టిక్కరే. తయారుచేసినవాడు ఏ టర్కీలోనో చైనాలోనో ఉంటాడు, సరుకు తేడా వస్తే వాడిని మనం పట్టుకోలేం, ఇక్కడ మనకి జవాబు చెప్పాల్సింది దిగుమతి చేసినవాడే, వాడి పేరే లేకపోతే ఇంక ఎవరిని అడుగుతాం? స్టిక్కర్ లేని తిండి సామాను పోర్టులో ఫుడ్ సేఫ్టీ వాళ్ళ కంటపడకుండా ఎవరి బ్యాగులోనో కార్గో పెట్టెలోనో వచ్చిందనే నా లెక్క. మన అన్నయ్యో వదినో ఇంట్లోకని తెస్తే ఎవరూ కాదనరు, అదే ర్యాకులో పెట్టి అమ్మితే వ్యాపారం, అప్పుడు రూల్స్ అన్నీ పాటించాల్సిందే.

ఇంక చాక్లెట్లు. లోపల వైపువి స్టిక్కర్ ఉన్నవి, తాజావి, ఏం గొడవ లేదు. కౌంటర్ పక్కన బుట్టలో రెండు కొంటే ఒకటి ఫ్రీ అని పెట్టినవి చూడండి, వాటి ధర స్టిక్కర్ సరిగ్గా తేదీ మీదే అంటించారు. గోటితో గీకితే కింద ఎక్స్‌పైరీ కనిపించింది, దాటిపోయి చాలా రోజులైంది. అసలు లేబుల్ మీదున్నది కప్పేలా స్టిక్కర్ అంటించకూడదు, అది రూలే. తినే సరుకు మన దేశంలో దిగేసరికి దాని గడువులో 60 శాతం మిగిలుండాలి లేదా ఎక్స్‌పైరీకి మూడు నెలలుండాలి, రెండిట్లో ఏది తక్కువైతే అది, అంటే సరైన దారిలో వచ్చిన సరుకు షాపుకొచ్చేసరికి మరీ పాతబడి ఉండకూడదు. ఇంకోటి, అమెరికా సరుకు మీద నెల ముందు వేసి తర్వాత రోజు వేస్తారు, 03/07 అంటే మనం జులై 3 అనుకుంటాం, వాళ్ళకది మార్చి 7.

పాల క్యాండీలు కొన్ని చైనా అక్షరాలతో ఉన్నాయి, మా చిన్నాడు చేయి పెట్టబోతే ఆపేశా. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం కలిపి లక్షల మంది పసిపిల్లల్ని జబ్బుపడేలా చేశారు, కిడ్నీల్లో రాళ్ళు, కొందరు చనిపోయారు కూడా. అప్పుడే మన ప్రభుత్వం చైనా పాల ఉత్పత్తులు, పాలు కలిసిన చాక్లెట్లు, క్యాండీలు బ్యాన్ చేసింది, 2019లో కూడా పోర్టుల్లో ల్యాబులు మెలమైన్ పరీక్షకి రెడీ అయ్యేదాకా అని పొడిగించింది. మరి ఆ ప్యాకెట్లు ఇక్కడిదాకా ఎలా వచ్చాయో నాకు ఎవరూ చెప్పలేదు.

బొమ్మల సెక్షన్ చూసి నిజంగా భయమేసింది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి, విదేశాల్లో చేసినవాటికీ అంతే, అక్కడి ఫ్యాక్టరీ మన బీఐఎస్ (ఐఎస్ఐ మార్క్ ఇచ్చే కేంద్ర సంస్థ) దగ్గర లైసెన్స్ తీసుకోవాలి. ఇక్కడ నేను తిరగేసిన డబ్బాల్లో ఒక్కదాని మీదా ఆ మార్క్ లేదు. లైటు వెలిగే చిన్న కారు ఒకటి చేతిలోకి తీసుకుని బ్యాటరీ మూత వేలితో నొక్కితే ఊడొచ్చేసింది, స్క్రూ లేదు, లోపల బటన్ బ్యాటరీలు. పిల్లాడు అది మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లో లోపల కాలిపోవడం మొదలవుతుందండి, బ్యాటరీ కరెంటే ఆ పని చేస్తుంది, కడుపునొప్పి అనుకుని పొద్దున చూద్దాం అనుకునే లోపే అయిపోతుంది. ఐఎస్ఐ మార్క్ ఉన్నా ఒకసారి సరిచూసుకోండి, మార్క్ కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది, డబ్బా మీద పేరుతో సరిపోవాలి. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మల్లాంటి జీఐ (ఫలానా ఊరి ప్రత్యేకత అనే ప్రభుత్వ గుర్తింపు) ఉన్న చేతిపని బొమ్మలకి ఈ రూల్ నుంచి మినహాయింపు ఇచ్చారు, కాబట్టి వాటి మీద మార్క్ వెతక్కండి.

ఇప్పుడు క్రీములు, ఈ రివ్యూ రాసిందే దీని కోసం. గాజు అల్మరాలో వరసగా తెల్లబడే క్రీములు, చిన్న డబ్బాలు, పెళ్ళిళ్ళ సీజన్లో తెగ పోతాయని కుర్రాడే చెప్పాడు. ఒక డబ్బా అడిగి చూశా. దిగుమతిదారు పేరు లేదు, బ్యాచ్ నంబరు చెరిగిపోయింది, ఏమేం కలిపారో లేదు, కాస్మెటిక్స్‌కి ఉండాల్సిన ఇంపోర్ట్ రిజిస్ట్రేషన్ నంబరు లేదు. లోపల మడతపెట్టిన కాగితంలో మాత్రం చిన్న అక్షరాల్లో బంగారం, వెండి నగలకి తగలనివ్వద్దు అని ఉంది! ఆ మాట చదవగానే డబ్బా కింద పెట్టేశా. పాదరసం తగిలితే బంగారం తెల్లబడిపోతుందని ఏ కంసాలిని అడిగినా చెప్తాడు, పాదరసం కలిసిన క్రీముల మీదే ఇలాంటి హెచ్చరిక ఎక్కువగా కనిపిస్తుంది. నగకి తగలకూడనిది మొహానికి ఎలా రాస్తామండి?

2023లో కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు ఇదే బయటపెట్టారు. చిన్న వయసువాళ్ళకి మూత్రంలో ప్రోటీన్ పోతోంది, కిడ్నీ జబ్బు, కారణం దొరకట్లేదు, అడిగితే అందరూ ఊరూపేరూ సరిగా లేని ఫెయిర్‌నెస్ క్రీములు వాడుతున్నారని తేలింది, టెస్ట్ చేస్తే పాదరసం చాలా ఎక్కువగా ఉంది. క్రీము ఆపాక చాలామందికి తగ్గింది. ఆ ఏడాదే కేరళ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు ఆపరేషన్ సౌందర్య అని పేరు పెట్టి షాపుల మీద దాడులు చేశారు. మన దగ్గర కూడా గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి పెట్టెలో ఇవి రెండు మూడు ఉంటున్నాయి, చుట్టాలకి పంచుతున్నారు. వాడినవాళ్ళకే కాదు, దిండు గలేబుకి తువ్వాలుకి అంటుకుని ఇంట్లో పసిపిల్లలకి కూడా చేరుతుంది. వారంలోనే మొహం తెల్లగా అయిపోయిందని ఎవరైనా చెప్తే సంతోషపడకండి, ఆ స్పీడే అనుమానించాల్సింది. మీ ఇంట్లో అలాంటి డబ్బా వాడుతూ కాళ్ళు వాచినా, మూత్రం బాగా నురగ వస్తున్నా డాక్టర్ దగ్గరకి ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళండి.

ఛార్జర్ల గురించి ఒక్క మాట, బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు లేకపోతే తీసుకోవద్దు, ఇక్కడ సగం వాటికి లేదు.

ఓనర్‌తో మాట్లాడా. "మేడమ్, చెన్నై నుంచి లాట్‌గా వస్తుంది, మేం ఒక్కోటి విప్పి చూడలేం కదా" అన్నాడు. చూడాలండి, అమ్మేది మీరే కదా అన్నా. చాక్లెట్ బుట్ట అప్పటికప్పుడు లోపల పెట్టించాడు, అది మెచ్చుకోవాలి, మళ్ళీ బయటికి రాకపోతే ఇంకా సంతోషం. క్రీముల సంగతి అడిగితే మాత్రం కస్టమర్లే అడిగి తీసుకుంటారు అని మాట దాటేశాడు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద పెన్నుతో మొత్తం ఒక్కటే రాసిచ్చారు, గట్టిగా అడిగాకే షాపు పేరు, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు వచ్చింది. మీరూ అడగండి, అది లేకపోతే కంప్లైంట్ నిలబడటం కష్టం. బిల్లు, స్టిక్కర్ లేని డబ్బాల ఫోటోలు పెట్టి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో కంప్లైంట్ ఇచ్చా, క్రీముల గురించి విడిగా మా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి రాతపూర్వకంగా ఇచ్చా. జవాబు రాగానే ఇక్కడే అప్‌డేట్ పెడతా.