పిల్లలతో, పెద్దలతో సలౌ: సముద్రం, బస, భోజనం

స్పెయిన్‌లోని కతలూన్యా తీరాన, బార్సిలోనాకు నైరుతి దిక్కున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న సలౌ అందమైన పట్టణమేమీ కాదు. 1989లో విలా-సెకా మునిసిపాలిటీ నుంచి విడిపోయి సొంత పాలన తెచ్చుకున్న ఈ ఊరు ప్రధానంగా పర్యాటకుల కోసమే పెరిగింది కనుక, ఎటు చూసినా హోటళ్లూ అద్దె అపార్టుమెంట్లూ ఐస్‌క్రీం దుకాణాలే కనిపిస్తాయి. పాత రాతి వీధులనూ చర్చి గోపురాలనూ ఊహించుకుని వచ్చినవారు మొదటిరోజు కాస్త నిరుత్సాహపడతారు. అయినా, అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లవాణ్నీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడనూ వెంటబెట్టుకుని వెళ్లే కుటుంబానికి మధ్యధరా తీరంలో ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టమని నాకు అనిపించింది.

ఇంగ్లండులో ఉంటున్న మేము ఆగస్టు నెలాఖరులో, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారితో కలిసి అక్కడికి వెళ్లాము. తల్లిదండ్రులను ఇలా తీసుకువెళ్లాలనుకునేవారు ముందుగా వీసా సంగతి చూసుకోవాలి. స్పెయిన్ సహా పలు యూరప్ దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు సాధారణంగా నివాసముండే దేశంలోనే దరఖాస్తు చేయాలి కనుక, బ్రిటన్‌కు సందర్శకులుగా వచ్చాక ఇక్కడి నుంచి ప్రయత్నించడం కుదరదు. ఆవిడ బయలుదేరకముందే మన దేశంలో ఆ పని పూర్తి చేసుకున్నారు. వేసవిలో బ్రిటన్ నుంచి రెయుస్ విమానాశ్రయానికి నేరుగా విమానాలు ఉంటాయి. అక్కడి నుంచి సలౌ దగ్గరే. రైలులో వచ్చేవారు గమనించవలసిన మార్పు ఒకటుంది. ఊరి నడుమనున్న పాత స్టేషన్ 2020 జనవరిలో మూతపడింది. ఇప్పుడు రైళ్లు ఆగే సలౌ-పోర్ట్ అవెంతురా స్టేషన్ సముద్రానికి దూరంగా, ఊరి వెనుకవైపు ఉంది. పెట్టెలతో, పిల్లలతో అక్కడి నుంచి నడిచి రావాలని చూడకుండా టాక్సీ మాట్లాడుకోవడం మేలు.

ఇక సముద్రం. సలౌ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఊరి మధ్యలోనున్న ల్యెవాంత్ బీచ్‌లో ఇసుక మెత్తగా ఉంటుంది, నీరు చాలా దూరం వరకు లోతు పెరగకుండా సాగుతుంది. మధ్యధరాలో ఆటుపోట్లు చాలా స్వల్పం కాబట్టి, పొద్దున గొడుగు పాతుకున్న చోటే సాయంత్రం దాకా నిశ్చింతగా కూర్చోవచ్చు. విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల చేయి గట్టిగా పట్టుకుని పాదాలు తడుపుకోవడమే సముద్రస్నానమనుకునే మనవాళ్లకు ఇది కొత్త అనుభవం. మా అత్తయ్యగారు మొదట ఒడ్డునే ఉండి మనవణ్ని పదేపదే హెచ్చరించినా, మరునాటికల్లా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాటి లోతు నీటిలో నిలబడి, వాడికి అలను ఎలా దాటాలో నేర్పసాగారు. రక్షక సిబ్బంది ఎగరవేసే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జెండాలను మాత్రం చూసుకుంటూ ఉండాలి. ఎంత నెమ్మదైన సముద్రమైనా గాలి తిరిగిన రోజున పసుపు జెండా ఎక్కుతుంది.

ఆగస్టులో పదింటికే ఆ ఇసుకంతా జనంతో నిండిపోతుంది. నెమ్మది కోరుకునేవారు ఊరికి తూర్పున, సలౌ అగ్రం వైపు, తీరం వెంబడి సాగే కామీ ద రోందా కాలిబాట పట్టాలి. పైన్ చెట్ల నీడన, రాళ్ల మధ్య, కాలా ఫోంత్, కాలా క్రాంక్స్ వంటి చిన్న చిన్న మడుగుల్లాంటి బీచ్‌లు ఉన్నాయి. అయితే దారిలో మెట్లు ఉన్నందున పిల్లల బండిని మోసుకుంటూ వెళ్లాలి. పెద్దవారికి నేను సిఫారసు చేసేది జౌమే ప్రథమ రాజు పేరిట ఉన్న తాటిచెట్ల విహారవీథి. 1229 సెప్టెంబరులో మయ్యోర్కా ద్వీపాన్ని జయించడానికి ఆ రాజు నౌకాదళం బయలుదేరింది ఈ తీరం నుంచే. సమతలంగా, అడుగడుగునా బెంచీలతో ఉన్న ఆ వీథి చివర, బార్సిలోనాలోని మోంజువిక్ ఫౌంటెన్‌ను రూపొందించిన కార్లెస్ బుయిగాసే తీర్చిన వెలుగుల ఫౌంటెన్ ఉంది.

బస విషయంలో నాకు స్పష్టమైన అభిప్రాయముంది: శాకాహారులున్న కుటుంబం భోజనంతో కూడిన హోటల్ కంటే వంటగది ఉన్న అపార్టుమెంటు తీసుకోవాలి. హోటల్ బఫేలో పిల్లలు బంగాళాదుంప వేపుళ్లతో, పాస్తాతో సర్దుకుంటారు కానీ, పెద్దవారికి రెండో పూటకే మొహం మొత్తుతుంది. పైగా రెస్టారెంట్లలో అసలైన రాత్రి భోజనం తొమ్మిదింటి తరువాత గానీ ఊపందుకోదు, అప్పటికి పసిపిల్లలు నిద్రకు జోగుతుంటారు. మేము కందిపప్పూ, చింతపండూ, కారమూ వెంట తీసుకువెళ్లాము. మిగిలినవన్నీ అక్కడి సూపర్‌మార్కెట్‌లో దొరికాయి. పయేయా అనే స్పానిష్ అన్నపు వంటకానికి వాడే పొట్టి గింజల బియ్యం మన అన్నానికి ముద్దగా అవుతుంది, కనుక బాస్మతి వెతుక్కోవాలి. తీపి కలపని మామూలు పెరుగు ఎక్కడైనా ఉంటుంది. పొయ్యి గాజుపలకది కాబట్టి అడుగు చదునుగా ఉన్న గిన్నె ఉంటేనే వేడి అందుతుంది. బయట తినేటప్పుడు టొమాటో రుద్దిన రొట్టె, కాల్చిన వంకాయ, కాప్సికమ్‌లతో చేసే ఎస్కలివాదా, ఎండుద్రాక్ష కలిపిన పాలకూర శాకాహారులకు ఆధారం. గుడ్డు తినేవారికి బంగాళాదుంప ఆమ్లెట్టు, అంటే తోర్తియా, ఉండనే ఉంది. చేపల భోజనానికైతే పక్కనున్న రేవు పట్టణం కాంబ్రిల్స్‌కు వెళ్లడమే న్యాయం, రుచిలో సలౌ దానికి సాటిరాదు.

మేము తీసుకున్న అపార్టుమెంటు శుభ్రంగానే ఉంది. కానీ పసివాడి మంచానికీ, విలువైన వస్తువులు దాచుకునే పెట్టెకూ విడిగా డబ్బు కట్టాలన్న సంగతి తాళం చేతికిచ్చేటప్పుడు గానీ చెప్పలేదు. మంచం కావాలని మేము ముందే రాసి, సరేనన్న జవాబు కూడా పొంది ఉన్నాము. అది కాక, కతలూన్యా ప్రభుత్వ పర్యాటక పన్ను ఉంటుంది. పదహారేళ్లు దాటినవారికి తలకు, రాత్రికి ఇంత అని, గరిష్ఠంగా ఏడు రాత్రులకు వసూలు చేస్తారు. ఇది న్యాయమైన ఖర్చే, కాని ముందే లెక్కలో వేసుకోవాలి. బార్లు వరుసగా ఉండే కార్లెస్ బుయిగాస్ వీధి పరిసరాల్లో గది తీసుకుంటే తెల్లవారుజాము దాకా నిద్ర ఉండదు. రెండు మూడు వీధులు ఎడంగా ఉంటే చాలు.

సలౌకు వెళ్లి పోర్ట్ అవెంతురా చూడకుండా రావడమా అని అందరూ అడుగుతారు. 1995లో తెరిచిన ఈ వినోద ఉద్యానం పదేళ్లు దాటిన పిల్లలకు స్వర్గమే. 76 మీటర్ల ఎత్తున్న శంభాలా రోలర్ కోస్టర్‌ను కింద నుంచి చూస్తేనే నా గుండె జారింది. కానీ దానికీ, డ్రాగన్ ఖాన్ అనే మరో కోస్టర్‌కూ 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. చిన్నపిల్లలకు మిగిలేది ముఖ్యంగా సెసామోఅవెంతురా విభాగమే, అది బాగానే ఉంది గానీ దాని ఒక్కదాని కోసం అంత ధర పెట్టి ఎండలో వరుసల్లో నిలబడనక్కరలేదు. నాలుగేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేకపోవడం, అరవై దాటినవారికి రాయితీ ఉండడం కొంత ఊరట. దాని పక్కనే ఉన్న మరో వినోద ఉద్యానం ఫెరారీ లాండ్‌ను మేము వదిలేశాము.

అదే రోజును దగ్గరలోని పాత నగరం తర్రగోనాకు ఇస్తే ఎక్కువ ఫలితం. సలౌ నుంచి బస్సులో కొద్దిసేపట్లో చేరవచ్చు. యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన రోమన్ల కాలపు తర్రగోనా, అంటే తార్రకో, శిథిలాలలో, సముద్రానికి ఎదురుగా ఉన్న, ఒకప్పుడు మల్లయోధుల పోరాటాలు జరిగిన ఆంఫిథియేటర్‌ను చూసి మా అత్తయ్యగారు, ఇంత మంచి చోట కూర్చుని ఒకరినొకరు చంపుకోవడం చూసేవారా అని అడిగారు. పాత ఊరి వీధులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి కనుక పెద్దవారితో పొద్దున్నే మొదలుపెట్టి, దుకాణాలు మధ్యాహ్నం మూతపడేలోగా ముగించడం మంచిది. ఊరి బయట, అడవి మధ్యలో 27 మీటర్ల ఎత్తున రెండంతస్తుల కమానులతో నిలిచిన పాత జలవాహిక, దెయ్యం వంతెన, చూడాలంటే వేరే సిటీ బస్సు గానీ టాక్సీ గానీ ఎక్కాలి. పైనున్న కాలువ వెంబడి నడవనిస్తారు. అక్కడ నీడా తక్కువే, మేము వెళ్లిన పూట అమ్మే మనిషీ కనిపించలేదు, కాబట్టి నీళ్లసీసాలు ఊళ్లోనే నింపుకుని వెళ్లాలి.