టైకెట్టో ‘డోంట్ కమ్ ఈజీ’: ఆలస్యంగా వచ్చిందన్న మాట పక్కన పెట్టి వింటే

1980లలో అమెరికాలో వెలిగిన రాక్ సంగీత శాఖ గ్లామ్ మెటల్ చరిత్ర రాసేవాళ్లు టైకెట్టో బృందానికి సాధారణంగా ఒకటి రెండు వాక్యాలు కేటాయిస్తారు. ఆ వాక్యాలు కూడా పాటల గురించి కాకుండా తేదీల గురించి ఉంటాయి. న్యూయార్క్‌లో 1987లో ఏర్పడిన ఈ నలుగురి బృందం మొదటి ఆల్బమ్ ‘డోంట్ కమ్ ఈజీ’ 1991లో గెఫెన్ సంస్థ నుంచి విడుదలైంది. అదే సంవత్సరం సెప్టెంబరు 24న అదే గెఫెన్ కుటుంబం నుంచి, హంగులు లేని గరుకు రాక్ వాయించే నిర్వాణ బృందపు ‘నెవర్‌మైండ్’ వచ్చింది. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను కిందికి దించి అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరుకోవడంతో, పొడుగు జుట్టు, మెరిసే దుస్తులు, గాల్లోకి లేచే పల్లవులు ఉన్న సంగీతమంతా ఒక్కసారిగా పాతబడిపోయిందని రికార్డు కంపెనీలు, రేడియోలు, టీవీ చానళ్లు తీర్మానించుకున్నాయి. టైకెట్టో ఆ తీర్మానం కింద నలిగిపోయింది. ఇదంతా నిజమే. అయితే ఈ కథనం ఎంత సౌకర్యంగా ఉందంటే, దాన్ని చెప్పేవాళ్లలో చాలామంది ఆ ఆల్బమ్‌ను పూర్తిగా వినవలసిన అవసరమే లేదనుకున్నట్టు కనిపిస్తుంది. ఇన్నేళ్ల తరువాత నేను మళ్లీ శ్రద్ధగా విన్నాక చెప్పదలచుకున్నది ఇది: ఈ పది పాటల్లో కనీసం ఆరింటిని, ఆ శైలిలో ఎంతో పేరు పొందిన ఆల్బమ్‌ల పక్కన నిస్సంకోచంగా నిలబెట్టవచ్చు.

వరంగల్‌లో పెరిగి ఈ సంగీతం విన్నవాళ్లకు అమెరికా కాలక్రమం ఎన్నడూ సరిగ్గా వర్తించలేదన్న విషయాన్ని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. స్టార్ టీవీ ద్వారా ఎంటీవీ మన దేశానికి వచ్చింది 1991లో. 1994లో దాని స్థానంలోకి చానెల్ వీ వచ్చేనాటికి హన్మకొండ, కాజీపేట వీధుల్లో కేబుల్ కనెక్షన్లు అప్పుడప్పుడే పాకుతున్నాయి. అంతకన్నా ముఖ్యమైన దారి రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లు. అప్పటి ఆర్‌ఈసీల్లో సగం సీట్లు ఇతర రాష్ట్రాల విద్యార్థులవి కాబట్టి, షిల్లాంగ్ నుంచో కలకత్తా నుంచో బొంబాయి నుంచో వచ్చినవాళ్లు సెలవుల తరువాత తమ పెట్టెల్లో కేసెట్లు పెట్టుకొని వచ్చేవారు. ఆ కేసెట్లకు నకళ్లు, నకళ్లకు నకళ్లు ఊళ్లోకి వచ్చేవి. పాయిజన్ 1986లో చేసిన మొదటి ఆల్బమ్, స్కిడ్ రో 1989లో చేసిన మొదటి ఆల్బమ్, టైకెట్టో, నిర్వాణ అన్నీ ఒకే నెలలో, ఒకే టేప్ రికార్డర్‌లో, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా మోగాయి. ఎవరు ఎవరిని కాలదన్నారో మాకు తెలియదు. తెలిసినా పట్టించుకొని ఉండేవాళ్లం కాము. అందువల్ల ‘ఆలస్యం’ అన్న నేరారోపణ లేకుండా ఈ ఆల్బమ్‌ను వినే అవకాశం అమెరికా శ్రోతకన్నా మనకే ఎక్కువగా దక్కిందని నాకు అనిపిస్తుంది.

నకలు కేసెట్టులో పోయినవి కూడా ఉన్నాయి. ఒక టేపు నుంచి మరో టేపుకు ఎక్కించిన ప్రతిసారీ పై స్థాయి శబ్దాలు కొంత అరిగిపోయి, బుస్సుమనే రొద కొంత పెరుగుతుంది. తాళాల చప్పుడు మసకబారుతుంది. గిటార్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో మంచి హెడ్‌ఫోన్లతో వింటే మొట్టమొదట తెలిసేది, ఈ ఆల్బమ్‌లో అకూస్టిక్ గిటారు ఎంత పని చేస్తున్నదో అన్న విషయం. చాలా చోట్ల కరకరలాడే ఎలక్ట్రిక్ గిటారు అడుగున తీగల అకూస్టిక్ మోత సన్నగా, ఆగకుండా నడుస్తూ ఉంటుంది. పాటలకు ఉన్న ఆ తేలికదనం, ఆ గాలి ఆడే గుణం అక్కడి నుంచే వస్తున్నాయి. లాస్ ఏంజెలిస్‌లోని సన్‌సెట్ స్ట్రిప్ బృందాల ధ్వని ఎక్కువగా రాత్రి క్లబ్బుల ధ్వని కాగా, టైకెట్టో ధ్వని మాత్రం పగటి వెలుతురులో, రహదారి మీద వినవలసినదిగా తోస్తుంది.

మొదటి పాట ‘ఫరెవర్ యంగ్’ గురించి కొంచెం ఎక్కువగానే చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ బృందం పేరు ఎవరికైనా తెలిసి ఉంటే అది ఈ పాట వల్లనే. ఎంటీవీలో దీని వీడియో కొంతకాలం బాగానే ఆడింది. గిటారు మీద వినబడే ఆరంభ వరుస ఒక్కసారి చెవిన పడితే చాలు, సాయంత్రం దాకా వదలదు. కానీ పాట గొప్పతనం ఆ వరుసలో కన్నా, దాని నిర్మాణంలో ఉంది. మన సినిమా పాట వినడానికి అలవాటు పడిన చెవి పల్లవి ఎప్పుడు తిరిగి వస్తుందా అని ఎదురుచూస్తుంది. ఇక్కడ చరణం నుంచి నేరుగా పల్లవికి దూకకుండా, మధ్యలో అనుపల్లవి వంటి ఒక మెట్టు వేసి, ఆ మెట్టు మీద శ్రుతిని కొంచెం బిగబట్టి, ఆ తరువాతే పల్లవిని వదులుతారు. ఈ ఉపాయం ఆ కాలపు బృందాలన్నీ వాడినదే. అయితే చాలామంది చరణాన్ని పల్లవి కోసం గడపవలసిన నిరీక్షణగా మాత్రమే చూశారు. టైకెట్టో చరణానికి కూడా దానికంటూ ఒక రాగం, ఒక కదలిక ఇచ్చింది. పల్లవి తీసేసి వినిపించినా ఈ పాటను గుర్తు పట్టవచ్చు. ఆ శైలిలోని ఎన్ని పాటలకు ఈ మాట వర్తిస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

దీనికి ప్రధాన కారణం గాయకుడు డానీ వాన్. టైకెట్టోకు ముందు ఆయన బ్రిటిష్ బృందం వేస్టెడ్‌తో కలిసి 1986లో ‘సేవ్ యువర్ ప్రేయర్స్’ ఆల్బమ్‌లో పాడాడు కాబట్టి, ‘డోంట్ కమ్ ఈజీ’ నాటికి పాట మధ్యలో ఊపిరి ఎక్కడ దాచుకోవాలో తెలిసిన గాయకుడు. గ్లామ్ మెటల్ గాయకులకు కీచుగొంతు ఒక బిరుదులాంటిది. ఎంత పైకి అరిస్తే అంత గొప్ప. వాన్ గొంతు కూడా పైస్థాయికి సునాయాసంగా వెళుతుంది, కానీ వెళ్లగలిగిన ప్రతిచోటా వెళ్లదు. చరణాలను దాదాపు మాట్లాడుతున్నట్టుగా, కొంచెం కరకు గొంతుతో, పదాలు స్పష్టంగా వినబడేలా పాడతాడు. పల్లవిలో మాత్రమే పూర్తిగా తెరుస్తాడు. అప్పుడు కూడా తక్కిన ముగ్గురి గొంతులు, ఒగ్గుకథలో ప్రధాన కథకుడు వదిలిన మాటను వంతవాళ్లు అందుకున్నట్టుగా, ఆయన వదిలిన మాటను అందుకుని పైకి మోస్తాయి. ఇంగ్లిషు సగమే అర్థమయ్యే వయసులో కూడా ఈ పాటల్లోని భావం మాకు అందిందంటే, అది ఆ ఉచ్చారణ వల్ల, ఆ నిగ్రహం వల్ల.

‘స్టాండింగ్ అలోన్’ ఈ నిగ్రహానికి అసలు పరీక్ష. 1988 తరువాత ప్రతి గ్లామ్ బృందమూ ఒక నెమ్మది పాటను తప్పనిసరిగా చేసింది. రేడియోలో మోగేది అదే, ఆల్బమ్ అమ్మేది అదే అని కంపెనీలకు ఒక నమ్మకం. ఆ పాటల్లో ఎక్కువ భాగం ఇవాళ వింటే తెచ్చిపెట్టుకున్న ఏడుపులాగా వినిపిస్తాయి. ‘స్టాండింగ్ అలోన్’ కూడా అదే అచ్చులో పోసినదే అయినా, ఒంటరితనం గురించిన పాటలో గాయకుడు శ్రోత మీద జాలిని రుద్దడు. మెల్లగా మొదలై, గిటార్లు చేరినకొద్దీ బరువెక్కి, చివరికి గొంతు పూర్తిగా విప్పే వేళకు ఆ విప్పడం న్యాయమనిపిస్తుంది. దానికి ముందు వచ్చే ‘సీజన్స్’ నాకు వ్యక్తిగతంగా ఇంకా ఇష్టం. కాలం గడిచిపోవడం గురించిన ఈ పాటలో అకూస్టిక్ గిటారు పైచేయిగా ఉంటుంది, తొందర ఉండదు. యువకులు చేసిన ఆల్బమ్‌లో ఇంత నెమ్మదితనం ఎలా కుదిరిందా అనిపిస్తుంది. రెండో పాట ‘వింగ్స్’ మొదటి పాట వేసిన బాటలోనే నడుస్తుంది గాని, దాని పల్లవి మరింత విశాలమైనది. ‘బర్నింగ్ డౌన్ ఇన్‌సైడ్’ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు, వింటే చాలు.

ఇక లోపాలు. ఆరో పాట ‘లే యువర్ బాడీ డౌన్’ దగ్గర ఆల్బమ్ తన గుణం మరచిపోయి, ఆనాటి మార్కెట్టు అడిగిన పడకగది పాట ఒకటి పాడి పెడుతుంది. వాన్ స్వభావానికి అది నప్పలేదు. ఆయన గొంతులో ఒక నిజాయితీ ఉంది, ఈ రకం పాటకు కావలసింది కొంటెతనం. తొమ్మిదో పాట ‘స్ట్రిప్ మీ డౌన్’లోనూ బ్లూస్ పోకడ పైపూతగా మిగిలిపోయింది. సిండరెల్లా బృందం ఇలాంటి బ్లూస్‌ను ఎంత సహజంగా పలికించేదో తెలిసినవాళ్లకు ఈ పాట మరీ పలుచగా అనిపిస్తుంది. ఈ రెండూ తీసేసి ఎనిమిది పాటల ఆల్బమ్‌గా విడుదల చేసి ఉంటే, ‘అందరిలాంటి మరో బృందం’ అన్న మాటకు తావుండేది కాదు. సాహిత్యం కూడా అక్కడక్కడా తేలిపోతుంది. రెక్కలు, నిప్పు, దూరతీరాలు అన్నవి ఆనాడు ప్రతి గీత రచయిత సంచిలోనూ ఉన్న సామగ్రి, వాటిని టైకెట్టో కొత్తగా వాడిందేమీ లేదు.

నిర్మాత రిచీ జీటో గురించి నాకు రెండు రకాల అభిప్రాయాలున్నాయి. చీప్ ట్రిక్‌కు 1988లో ‘ల్యాప్ ఆఫ్ లగ్జరీ’, బ్యాడ్ ఇంగ్లిష్‌కు 1989లో వారి మొదటి ఆల్బమ్, హార్ట్ బృందానికి 1990లో ‘బ్రిగేడ్’ చేసిపెట్టిన మనిషి. రేడియోకు ఏది నచ్చుతుందో ఆయనకు బాగా తెలుసు. గొంతులను పొరలు పొరలుగా పేర్చడంలో, పల్లవికి ముందు వాద్యాలను తగ్గించి పల్లవిలో ఒక్కసారిగా నింపడంలో ఆయన చేయి స్పష్టంగా కనిపిస్తుంది. అయితే మైకేల్ క్లేటన్ డ్రమ్ములకు ఆయన అద్దిన ప్రతిధ్వని మాత్రం ఈ ఆల్బమ్ వయసును వెంటనే బయట పెట్టేస్తుంది. ప్రతి దెబ్బా పెద్ద గోదాములో కొట్టినట్టు మోగడం 1980ల చివరి అలవాటు. దాని కింద జిమీ కెనెడీ బాస్ గిటారు చాలాచోట్ల దాదాపు వినబడదు, అది నిజంగా నష్టమే. ‘వాక్ ఆన్ ఫైర్’ వంటి వేగమైన పాటలో బాస్ ఇంకాస్త ముందుకు వచ్చి ఉంటే ఆ పరుగుకు నేల దొరికేది. గిటారిస్టు బ్రూక్ సెయింట్ జేమ్స్ ఈ ధ్వనిలో అందరికన్నా బాగా నెగ్గుకొచ్చాడు. వేగమే విద్యగా చలామణి అయిన ఆ రోజుల్లో ఆయన సోలోలు (పాట మధ్యలో గిటారు ఒక్కటే ముందుకొచ్చే ఘట్టాలు) పొట్టిగా, పాడుకోగలిగేలా ఉంటాయి; వచ్చిన పని చూసుకొని పాటను తిరిగి గాయకుడికి అప్పజెప్పి తప్పుకుంటాయి.

చివరి పాట ‘సెయిల్ అవే’ ఈ బృందం ఎటు వెళ్లగలిగేదో చూపిస్తుంది. ఇందులో గ్లామ్ అనదగింది ఏదీ లేదు. అకూస్టిక్ గిటారు, జానపదపు ఛాయ ఉన్న రాగం, ఊరు విడిచి సాగిపోవాలన్న కోరిక. మెటల్ వినని మిత్రులకు, ముఖ్యంగా ఆ రంగు జుట్ల ఫొటోలు చూసే ముఖం చిట్లించుకునేవాళ్లకు, నేను ఈ పాటతోనే మొదలుపెట్టమని చెబుతాను. ఆల్బమ్‌ను చివర నుంచి ముందుకు వినడం వింతగా అనిపించవచ్చు గాని, అలా విన్నవాళ్లకు ‘ఫరెవర్ యంగ్’ చేరేసరికి ఆ హంగు వెనక ఉన్న పాటల పనితనం ముందే తెలిసి ఉంటుంది.

తరువాతి కథ కొంత నీరసమైనదే. రెండో ఆల్బమ్ ‘స్ట్రెంగ్త్ ఇన్ నంబర్స్’ను గెఫెన్ విడుదల చేయలేదు, అది 1994లో వేరే సంస్థల ద్వారా బయటికి వచ్చింది. వాన్ తప్పుకున్నాక స్టీవ్ ఆగెరీ గాయకుడిగా 1995లో ‘షైన్’ వచ్చింది. ఆ ఆగెరీయే 1998లో జర్నీ బృందంలో చేరాడు. చాలా ఏళ్ల విరామం తరువాత వాన్ తిరిగి రాగా 2012లో ‘డిగ్ ఇన్ డీప్’, 2016లో ‘రీచ్’ విడుదలయ్యాయి. మొదటి ఆల్బమ్ నచ్చినవాళ్లు ఆపై ‘స్ట్రెంగ్త్ ఇన్ నంబర్స్’ వినాలి. పల్లవులు అంత మెరవవు గాని, పడకగది పాటల బెడద తక్కువ. ‘షైన్’ను నిస్సందేహంగా దాటవేయవచ్చు. అంతకన్నా మంచి సలహా 2017లో ఇటలీలోని మిలాన్‌లో ఈ ఆల్బమ్‌ను వేదిక మీద పూర్తిగా వాయించిన ప్రత్యక్ష ప్రదర్శన రికార్డింగు. యాభై దాటిన వాన్ గొంతు అందులో కొంచెం బరువెక్కింది. ప్రతిధ్వని పూత వదిలిన డ్రమ్ములు, చివరికి వినబడే స్థాయికి వచ్చిన బాస్‌ల నడుమ ‘సీజన్స్’ స్టూడియోలో చేసినదానికన్నా ఆ వేదిక మీదే బాగా పలికింది.