మా ఆవిడ ఉంటున్న డిమెన్షియా కేర్ సెంటర్: మొగుడి వైపు నుంచి రివ్యూ (4 స్టార్లు)

ఇలాంటి సెంటర్ల రివ్యూల్లో రూములు నీట్‌గా ఉన్నాయి, సాంబారు బాగుంది, స్టాఫ్‌కి ఓపిక ఎక్కువ అని రాస్తుంటారు. ఇక్కడ అవన్నీ నిజమే, వంక పెట్టడానికేం లేదు. మా ఆవిడకి అల్జీమర్స్, మతిమరుపు ముదిరిపోయే జబ్బు. ఇంట్లో చూసుకోగలిగినంత కాలం చూసుకున్నాను, రాత్రిపూట గడియ తీసుకుని "మా ఊరెళ్తా" అంటూ రోడ్డెక్కడం మొదలయ్యాక, నాకూ డెబ్బై దాటాక ఇక నా వల్ల కాలేదు. పిల్లలిద్దరూ అమెరికాలో. అందుకని నేను రాసేది పేషెంట్ గురించి కాదు, ఆవిడని దింపేసి ఒక్కడే ఇంటికెళ్ళే మనిషిని ఈ సెంటర్ ఎలా చూస్తుందన్నది.

అడ్మిషన్ రోజు మాత్రం దారుణం. లోపల నగలు ఉంచకూడదని రూల్, పోతే మా బాధ్యత లేదని సంతకం పెట్టించుకుంటారు, అది సబబే. కానీ ముందు ఒక్క మాట చెప్పకుండా ఆవిడ మెళ్ళో పుస్తెలతాడు తీసేసి, జిప్ కవర్లో వేసి, రసీదుతో పాటు నా చేతిలో పెట్టారు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర, నలుగురి ముందు. ఆవిడ బతికుండగా అది నా చేతికి రావడం అంటే ఏంటో కౌంటర్లో కుర్రాడికి తెలియకపోవచ్చు, మేనేజ్‌మెంట్‌కి తెలియాలి కదా. సాయంత్రం ఆవిడ మెడ తడుముకుంటూ గోల పెడితే, అక్కడ ఆయాగా చేసే ఒక పెద్దావిడ పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి వేసిందట, ఎవరూ చెప్పకుండానే. నేనిచ్చిన స్టార్లలో రెండు ఆ పెద్దావిడవే.

తగ్గించిన స్టార్ ఎందుకంటే, పేషెంట్ సెటిల్ అవ్వాలి కాబట్టి మొదటి రెండు వారాలు చూడ్డానికి రావద్దంటారు. కొందరికి అది మంచిదేమో, అందరికీ ఒకటే రూల్ ఏంటి? పోనీ రోజూ ఓ ఫోన్ చేసి తిందా పడుకుందా అని చెప్తారా అంటే అదీ మనమే చెయ్యాలి. ఏళ్ళ తరబడి రాత్రి మూడింటికి లేచి బాత్రూంకి తీసుకెళ్ళిన వాడికి ఇప్పుడు హాయిగా పడుకో అంటే నిద్ర పడుతుందా, అదే టైంకి మెలకువ వచ్చేసి మంచం మీద కూర్చోవడమే. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా కూడా ఉంది, ఉందని సిగ్గూ ఉంది. చుట్టాల సంగతి అడక్కండి, పెళ్ళాన్ని హోంలో పడేశాడట అని ఒక పెళ్ళిలో నా వెనకే కూర్చుని అనుకున్నారు. వాళ్ళలో ఒక్కరూ ఒక్క రాత్రి కాపలా ఉన్న పాపాన పోలేదు.

ఇక్కడ నిజంగా డబ్బుకి తగ్గ విషయం నెలనెలా కౌన్సెలర్ పెట్టే మీటింగ్. కుటుంబ సభ్యుల మీటింగ్ అంటారు గానీ వచ్చేది ఎక్కువగా భార్యలూ భర్తలే. పౌలీన్ బాస్ అని అమెరికాలో ఒకావిడ, 1970ల్లో వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల ఇళ్ళలోవాళ్ళ మీద పరిశోధన చేసి, తర్వాత అల్జీమర్స్ వచ్చినవాళ్ళ కుటుంబాల్లోనూ అదే రకం దుఃఖాన్ని, మనిషి ఉన్నట్టా పోయినట్టా తేలని దుఃఖాన్ని చూసిందని మా కౌన్సెలర్ అమ్మాయి చెప్పింది. మనిషి కళ్ళెదురుగా ఉంటుంది, ఏడిస్తే అపశకునం అంటారు, మరి ఈ ఏడుపు ఎక్కడ పెట్టుకోవాలి? అక్కడ ఏడవొచ్చు. పక్కనున్న రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు కూడా ఏడుస్తారు, తర్వాత అందరం టీ తాగుతాం.

మా ఆవిడ ఈమధ్య నన్ను అన్నయ్యా అంటోంది. ఇంకో పేషెంట్ పెద్దాయన చెయ్యి పట్టుకుని టీవీ చూస్తుంది. ఇది ఎవరితో చెప్పుకుంటాం చెప్పండి. మీటింగ్‌లో చెప్తే కౌన్సెలర్ నవ్వలేదు, జాలీ పడలేదు, సాండ్రా డే ఓకానర్ కథ చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టులో మొట్టమొదటి మహిళా జడ్జి, భర్తకి అల్జీమర్స్ ముదిరిందని 2006లో పదవి వదిలేసింది, ఆయన్ని హోంలో చేర్చాక అక్కడ ఇంకో ఆవిడతో చెలిమి కుదిరింది, ఆయన ప్రశాంతంగా ఉన్నాడు చాలని ఈవిడ సంతోషించిందని 2007లో వాళ్ళబ్బాయే టీవీలో చెప్పాడు. నాకు అంత పెద్ద మనసు లేదు, ఆ పెద్దాయన్ని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ నేను నీ మొగుణ్ణే అని వాదించడం మానేశాను, అన్నయ్యా అంటే ఊఁ అంటున్నాను.

కొత్తగా చేర్చేవాళ్ళు డైపర్లూ ఫిజియోథెరపీ బిల్లులో కలిపా విడిగానా అని ముందే అడగండి, మాకు విడిగా వేశారు. మధ్యలో మనసు మరీ బాగోలేకపోతే ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. చూడ్డానికి మాత్రం పొద్దుగూకే వేళ వెళ్ళకండి, ఈ జబ్బులో చాలామందికి అప్పుడే అలజడి ఎక్కువవుతుంది, ఇంటికి తీసుకుపో అని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని రాలేరు. పదకొండున్నరకి వెళ్తే భోజనం టోకెన్ తీసుకుని పక్కనే కూర్చుని తినొచ్చు, కాకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి.