జాకింతోస్‌లో స్పీడ్‌బోట్ ఎక్కబోయే మనవాళ్ళకి: ఫోటో చూసి డబ్బు కట్టకండి

గ్రీసులో జాకింతోస్ దీవికి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు, ఇది చదివి బయల్దేరండి. మేం స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. 2025 జూన్‌లో నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ మావాడు, బందరు నుంచి వచ్చిన మా మావయ్యగారు, నలుగురం వెళ్ళాం. దీవి బాగుంది, నీళ్ళు బాగున్నాయి, మనుషులూ మంచివాళ్ళే. పాడైంది ఒక్క రోజు. ఆ ఒక్క రోజుకి 200 యూరోలు, మావయ్యగారి నడుము సమర్పించుకుని వచ్చాం.

రోడ్డు పక్కన గొడుగు వేసుకుని, బల్ల మీద ఫోటోల ఆల్బమ్ పెట్టుకుని టూర్లు అమ్మేవాళ్ళు ఆ ఊళ్ళో అడుగడుక్కీ ఉంటారు. మేం ఆగిన బల్ల దగ్గర పెద్ద ఫోటో ఒకటి ఉంది. తెల్లటి ఇసుక, మధ్యలో తుప్పు పట్టిన ఓడ, చుట్టూ నిటారు కొండలు, ఓడ పక్కన నిలబడి నవ్వుతున్న జంట. అదే నవాగియో బీచ్. 1980లో పనాయోతిస్ అనే సరుకు ఓడ అక్కడ ఒడ్డుకి కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయింది. జాకింతోస్ అని వెతికితే ముందు కనిపించేది ఈ బొమ్మే. మావాడు జర్మనీలో ఉండగానే దాన్ని తన ట్యాబ్‌లో వాల్‌పేపర్‌గా పెట్టేసుకున్నాడు.

"అక్కడ దిగవచ్చా?" అని నేను అడిగాను. రెండుసార్లు అడిగాను. "దిగొచ్చు, ఈదొచ్చు, స్నార్కెలింగ్ కూడా అక్కడే" అన్నాడు కుర్రాడు. పెద్దవాళ్ళకి 55, పిల్లలకి 35. మొత్తం 200 యూరోలు. అరవై ఇప్పుడు, మిగతా 140 పడవ దగ్గర, నగదు మాత్రమే. కార్డు మెషిన్ పాడైందట. చేతికిచ్చిన కాగితం మీద మా పేరు, తేదీ, 60 అనే అంకె, ఒక సంతకం. పడవ పేరు లేదు. కంపెనీ పేరూ లేదు. చూసి కూడా మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఇంట్లో ఉల్లిపాయలు కొంటే త్రాసు కేసి కళ్ళార్పకుండా చూసేదాన్ని, సెలవులకి వెళ్తే ఏమవుతుందో తెలీదు.

తర్వాత తెలిసిన సంగతి. నవాగియో ఇసుక మీద కాలు పెట్టడానికి వీల్లేదు. 2018లోనే కొండ మీది రాళ్ళు విరిగిపడి పర్యాటకులకి దెబ్బలు తగిలాయి. 2022 సెప్టెంబరులో భూకంపం తర్వాత కొండచరియ ఇంకోసారి జారింది. ఆ తర్వాత బీచ్ మూసేశారు, పడవలు ఒడ్డుకి చేరకుండా నిషేధం పెట్టారు. మేం వెళ్ళిన వేసవిలోనూ అది ఎత్తేయలేదు. దూరంగా పడవలోంచి చూడాలి, లేదా కొండ పైనుంచి. ఆల్బమ్‌లో నవ్వుతున్న ఆ జంట ఎప్పటి జంటో మరి. బల్ల దగ్గరి కుర్రాడికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. ఆ ఊళ్ళో చంటిపిల్లాడికి కూడా తెలుసు. తెలియనిది మనకే. హోటల్ రిసెప్షన్‌లో ఒక్క ప్రశ్న అడిగుంటే నిమిషంలో తేలిపోయేది. మేం అడిగింది మర్నాడు సాయంత్రం, అన్నీ అయిపోయాక.

ఇక ఆ రోజు. తొమ్మిదిన్నరకి హోటల్ దగ్గరికి వస్తానన్న వ్యాను పదింబావుకి వచ్చింది. దీవికి ఉత్తరాన అయోస్ నికొలావోస్ అనే చిన్న రేవుకి తీసుకెళ్ళింది. అక్కడ ఆల్బమ్‌లో చూపించిన పైకప్పున్న పెద్ద పడవ లేదు. నీడ లేని చిన్న స్పీడ్‌బోట్ ఉంది. అడిగితే "దాని ఇంజన్ రిపేరు" అన్నారు. ముందు 140 కట్టాలి, తర్వాతే ఎక్కాలి. స్నార్కెలింగ్‌కి, అంటే నీళ్ళ కింద చూడ్డానికి, ముఖానికి పెట్టుకునే మాస్కులకి మనిషికి ఐదు యూరోలు వేరే. బల్ల దగ్గర "అన్నీ కలిపే" అన్నాడుగా అంటే, "బల్ల వాళ్ళతో మాకు సంబంధం లేదు" అన్నాడు పడవ నడిపే ఆయన. అసలు కిటుకంతా ఈ మాటలో ఉంది. అమ్మేది ఒకళ్ళు, తిప్పేది ఇంకొకళ్ళు. మాట ఇచ్చిన మనిషి సముద్రం మీద ఉండడు, సముద్రం మీదున్న మనిషి మాట ఇవ్వలేదు.

మావయ్యగారు రేవులో నిలబడి నీళ్ళ కేసి చూస్తూనే ఉన్నారు. ఆయన చిన్నప్పుడు బందరు దగ్గర గిలకలదిండి రేవులో పడవల మధ్య తిరిగిన మనిషి. "అమ్మాయ్, అక్కడ తెల్ల నురగలు లేస్తున్నాయి చూశావా, గాలి పడమటి నుంచి తిరుగుతోంది, మధ్యాహ్నానికి గట్టిపడుద్ది" అన్నారు. నేను విన్నాను, విని ఊరుకున్నాను. డబ్బు కట్టేశాం కదా అన్న మాట ఒకటి ఉంటుందే, అది కాళ్ళకి బంధం వేస్తుంది. ఆ గాలిని అక్కడివాళ్ళు మాయిస్త్రోస్ అంటారట. వాయవ్యం నుంచి వీస్తుంది, వేసవిలో మధ్యాహ్నం పూట మామూలే. నవాగియో ఉన్నది సరిగ్గా ఆ గాలికి ఎదురుగా, దీవి పడమటి వైపు. ఉదయం అద్దంలా ఉన్న నీళ్ళు ఒంటిగంటకి అలాగే ఉంటాయనుకోకూడదు. బుక్ చేసేముందు ఫోన్‌లో గాలి సూచన చూడండి. గ్రీసులో దాన్ని గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ అంకెల్లో చెబుతారు. నాలుగు దాటితే చిన్న స్పీడ్‌బోట్‌లో పెద్దవాళ్ళతో వెళ్ళకండి. ఇది చట్టం కాదు, మా మావయ్యగారి నడుము చెప్పిన లెక్క.

మమ్మల్ని పడవ ముందు భాగంలో కూర్చోబెట్టారు, "వ్యూ బాగుంటుంది" అని. స్పీడ్‌బోట్‌లో ముందు సీటు ఫోటోకి మంచిది, వెన్నెముకకి కాదు. కెరటం మీద లేచి కిందపడేటప్పుడు ఎక్కువ ఎగిరేది ముందు భాగమే. వెనక, ఇంజన్ దగ్గర, కుదుపు తక్కువ. అరవై దాటినవాళ్ళు, ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ముందు కూర్చుంటే వెన్నుపూస చితికిన సందర్భాలు కూడా ఉన్నాయని తర్వాత డాక్టరు చెప్పాడు. దీవి ఉత్తరపు కొస, స్కినారి అగ్రం, దాటి పడమటి వైపు తిరగ్గానే మొదటి పెద్ద కెరటం వచ్చింది. వేగం తగ్గించమని మా ఆయన చెయ్యి ఊపాడు. సరదాకి ఊపుతున్నాడనుకున్నాడో ఏమో, పడవాయన బొటనవేలు ఎత్తి చూపించి ఇంకా పెంచాడు. రెండో దెబ్బకి మావయ్యగారు సీటు మీంచి జానెడు ఎగిరి, కూర్చున్నట్టే కిందపడ్డారు. "అమ్మా" అని కూడా అనలేదు. ముఖం తెల్లబోయింది, అంతే.

లైఫ్ జాకెట్ల గురించి చెప్పాలి. అవి సీటు కింద పెట్టెలో ఉన్నాయి, తీసి ఇవ్వలేదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పటి నుంచి పడవ ఎక్కితే జాకెట్ అడగడం మా ఇంట్లో అలవాటు. అడిగితే ఇచ్చారు. పిల్లల సైజు లేదు. పెద్దవాళ్ళది పిల్లాడికి వేస్తే నీళ్ళలో అది పైకి జారి చెవుల దాకా వస్తుంది, వాడు కిందికి పోతాడు. పిల్లలున్నవాళ్ళు రేవులోనే, డబ్బు కట్టకముందే, సైజు చూపించమనండి. లేదంటే ఎక్కకండి. మావాడికి జర్మనీ స్విమ్మింగ్‌పూల్లో ఇచ్చే సముద్రపు గుర్రం బ్యాడ్జి ఉంది. ఆ ధైర్యంతోనే నేను ఊరుకున్నాను. ఆ బ్యాడ్జి వస్తే ఈత వచ్చేసినట్టు కాదు, ఆ తర్వాతిదైన కాంస్య బ్యాడ్జి వచ్చాకే సురక్షితంగా ఈదగలడని లెక్క అని వాళ్ళ ఈత సంఘమే చెబుతుంది. పైగా అదంతా నేల కనిపించే పూల్ సంగతి.

టూర్‌లో చూపించిన నీలి గుహలు మాత్రం నిజంగా నీలమే. సున్నపురాయి కొండల్లో సముద్రం తొలిచిన గుహలు. లోపలికి వెళ్తే చెయ్యి నీళ్ళలో పెట్టినా నీలంగా కనిపిస్తుంది. అంత అందం చూసి మావయ్యగారు కూడా నొప్పి మర్చిపోయి ఒక నవ్వు నవ్వారు. కానీ దిగమన్నప్పుడు ఇంజన్ ఆపలేదు. న్యూట్రల్‌లో పెట్టి "పర్లేదు, దూకండి" అన్నాడు. ఇంజన్ ఆగకుండా నీళ్ళలోకి ఎవరినీ దిగనివ్వకండి, ఇంతకంటే గట్టిగా ఎలా రాయాలో నాకు తెలీదు. వెనక నీళ్ళ కింద తిరిగే రెక్క కనబడదు. అదే సమయంలో వెనకనుంచి ఇంకో చిన్న పడవ గుహలోకి దూరింది. అది అద్దెకి తీసుకుని ఎవరో కుర్రాళ్ళు నడుపుతున్నారు. గ్రీసులో 30 హార్స్‌పవర్ లోపు పడవలకి లైసెన్సు అడగరు. నిన్న మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నవాడు ఈరోజు మన పిల్లాడి తల పక్కనుంచి వెళ్తూ ఉండొచ్చు.

ఐదు యూరోల మాస్కు సంగతి. మావాడిది పెద్దవాళ్ళ సైజు. పక్కల్నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. రెండు నిమిషాలకి ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి దగ్గుతూ రాయి పట్టుకోబోయాడు. రాయి మీద సముద్రపు ముళ్ళకాయలు (ముళ్ళుండే సీ అర్చిన్ జీవులు), నల్లగా. చేతిలో మూడు ముళ్ళు దిగాయి. మాస్కు సరిపోయిందో లేదో చూడ్డానికి పట్టీ అక్కర్లేదు. ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలినా అంటుకుని ఉంటే సరిపోయినట్టు. పడిపోతే కాదు. పిల్లలకి సొంత మాస్కు కొనుక్కుని వెళ్ళండి, సూట్‌కేసులో ఓ మూల పడుంటుంది.

నవాగియో దగ్గరికి వెళ్ళేసరికి కెరటాలు ఇంకా లేచాయి. దూరంగా ఆపి "అదిగో" అన్నాడు. తుప్పు రంగు చుక్క ఒకటి కనిపించింది. "దిగమా?" అన్నాడు మావాడు. "నిషేధం" అన్నాడు ఆయన, అదేదో ఆ ఉదయమే పెట్టినట్టు. మావాడు ఏడవలేదు. అదే ఎక్కువ బాధ.

భోజనం కూడా కలిపే అన్నారు, అది కూడా చెప్పేస్తాను. పంది మాంసం ముక్క పెట్టిన శాండ్‌విచ్. మావయ్యగారు శాకాహారి అని బల్ల దగ్గరే చెప్పాం. మాంసం తీసేసి ఇచ్చాడు పడవాయన. మావయ్యగారు నా సంచిలోని మరమరాలు తిని కడుపు నింపుకున్నారు.

అదే బల్ల దగ్గర "తాబేళ్ళు గ్యారంటీ" అని ఇంకో టూర్ కూడా అమ్ముతారు. దక్షిణాన లగనాస్ అఖాతం 1999 నుంచి జాతీయ సముద్ర పార్కు. కరెట్టా కరెట్టా జాతి తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. అక్కడ కొన్ని భాగాల్లోకి పడవలకి ప్రవేశమే లేదు, పార్కు లోపల స్పీడ్‌బోట్ కూడా నెమ్మదిగా పోవాల్సిందే. మర్నాడు ఒడ్డున కూర్చుని చూస్తే, ఊపిరికి పైకి వచ్చిన ఒక తాబేలు చుట్టూ అరడజను పడవలు. పాపం అది మునిగిపోతే అటు పరిగెత్తుతున్నాయి, తేలితే ఇటు. అడవి జంతువుకి గ్యారంటీ ఇచ్చేవాడు దాన్ని తరుముతాడని అర్థం. వాడికి డబ్బివ్వకండి.

సాయంత్రం మావయ్యగారు మంచం మీంచి లేవలేకపోయారు. క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, కండరాలు పట్టేశాయి, నడుముకి బెల్టు, పది రోజులు విశ్రాంతి. అమ్మానాన్నల యూరప్ వీసా కోసం 30,000 యూరోల బీమా తప్పనిసరి కాబట్టి అందరం తీసుకుంటాం, తీసుకుని ఫైల్లో పెట్టేస్తాం. మా పాలసీ స్టుట్‌గార్ట్‌లో బీరువాలో ఉంది. ముందు వాళ్ళ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళి ఉంటే పని తేలికయ్యేది. ఇప్పుడు బిల్లులు, అనువాదాలు, ఉత్తరాలు. అమ్మానాన్నల పాలసీ నంబరు, హెల్ప్‌లైన్ నంబరు మీ ఫోన్‌లోనే పెట్టుకోండి. సముద్రం మీద ఏదైనా జరిగితే గ్రీసు కోస్ట్‌గార్డ్ నంబరు 108. మన దగ్గర అంబులెన్స్ నంబరే, మర్చిపోవడం కష్టం. 112 కూడా పనిచేస్తుంది.

డబ్బు కోసం బల్ల దగ్గరికి వెళ్తే ఆ కుర్రాడు లేడు, ఇంకో అమ్మాయి ఉంది. పడవ వాళ్ళని అడగమంది. పడవ వాళ్ళు బల్లని అడగమన్నారు. అప్పుడు హోటలావిడ చెప్పింది: గ్రీసులో రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టనక్కర్లేదు, చాలా హోటళ్ళ గోడల మీద ఆ మాట రాసే ఉంటుంది, "అపోదిక్సి" (అంటే రసీదు) అని అడగాల్సింది అని. ఆ ఒక్క గ్రీకు మాట నేర్చుకుని వెళ్ళండి. దాని మీద కంపెనీ పేరు, పన్ను నంబరు ఉంటాయి. పడవ పేరు, నవాగియోలో దిగడం ఉందా లేదా, గాలి వల్ల ఆగిపోతే డబ్బు తిరిగి ఇస్తారా, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే పక్క బల్లకి వెళ్ళండి. నగదు మాత్రమే అంటే అసలు ఆగకండి.

జర్మనీలో ఉన్నవాళ్ళకి కెహ్ల్‌లో యూరోపియన్ వినియోగదారుల కేంద్రం ఉంది. వేరే యూరప్ దేశంలోని వ్యాపారితో గొడవైతే ఉచితంగా సాయం చేస్తారు. వాళ్ళకి అంతా రాసి పంపాను, ఆ సంతకం కాగితం ఫోటోతో సహా. వ్యాపారి పూర్తి పేరు, చిరునామా పంపమని జవాబు వచ్చింది. నా దగ్గర ఉన్నది 60 అనే అంకె, చదవలేని సంతకం.