గ్యాసా, ఇండక్షనా? మా మూడు వంటిళ్ల లెక్క

మా అమ్మ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర ఉంటుంది. నేను విజయనగరంలో ఉంటాను. మా అక్క కొడుకు కూడా ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతూ కంటోన్మెంట్ వైపు రూం తీసుకున్నాడు. పోయిన సంక్రాంతికి అందరం ఊళ్లో కలిసినప్పుడు వంట పొయ్యి మీద వాదన లేచింది. వాడిది ఒకటే పాట: "మావయ్యా, గ్యాస్ పని అయిపోయింది. సగం పైన బయటి దేశాల నుంచే వస్తోంది. ఇక అంతా కరెంటే." అరిసెల పాకం చూసుకుంటున్న అమ్మ తల తిప్పకుండానే అంది: "కరెంటు పోతే ఏటి తింతావురా?"

మా వైపు ఇది ఎకసెక్కం ప్రశ్న కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు, కరెంటు స్తంభాలు అన్నీ కలిసి రోడ్ల మీద పడ్డాయి. మా వీధిలో పది రోజులు కరెంటు లేదు. ఎవరో జనరేటర్ తెస్తే సెల్‌ఫోన్ ఛార్జింగ్‌కి కూడా క్యూ కట్టాం. అప్పుడు అమ్మ దగ్గర ఒక నిండు సిలిండర్ ఉండబట్టి నాలుగిళ్లకు గంజీ అన్నం ఉడికాయి. అందుకే ఊళ్లో ఇంటికి మాత్రం నా ఓటు కళ్లు మూసుకుని గ్యాస్‌కే.

ఓటు అంటే గుర్తొచ్చింది. మన దగ్గర వంటింట్లో ఏ పొయ్యి వెలగాలో చాలావరకు నాయకులే నిర్ణయించారు. పేదింటి ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లిచ్చే దీపం పథకం 1999లో, అలాంటిదే కేంద్రం ఉజ్వల 2016లో, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2. ఈ చివరిదాన్ని ముఖ్యమంత్రి చంద్రబాబు మొదలుపెట్టింది మా పక్కనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో. మంచి పనే. కట్టెపొగలో కళ్లు పోగొట్టుకున్న అమ్మమ్మల్ని చూసినవాణ్ణి, కాదనను. కానీ మూడు సిలిండర్లు ఇచ్చే చేత్తోనే ఒక కొత్త గ్యాస్ గొట్టం కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. గొట్టానికి ఓట్లు రాలవు కాబట్టి ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ దాని ఊసుండదు.

ఎందుకంటున్నానంటే, ఆ సంక్రాంతికే అమ్మ పొయ్యి వెనక చెయ్యి పెట్టి చూశాను. నారింజ రంగు గొట్టం నూనె జిడ్డు పట్టి నల్లబడింది. రెగ్యులేటర్ దగ్గర ఎలుక కొరికిన గాటు, లోపలి తీగ కనిపిస్తోంది. ఎప్పుడు మార్చారంటే, "కనెక్షన్ వచ్చినప్పుడు ఇచ్చిందే కదా" అంది. ఈ గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి, తయారైన సంవత్సరం దాని మీదే ముద్రించి ఉంటుంది. పైగా అమ్మకు పీట మీద కూర్చుని వండటం అలవాటు. పొయ్యి నేల మీద, సిలిండర్ పక్కనే. పొయ్యి ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి లీకైతే పైకి పోదు, నీళ్లలా నేల మీదే పరుచుకుంటుంది. మంట కూడా నేల మీదే ఉంటే ఇంకేముంది? దానికి సొంతంగా వాసన ఉండదు, మనం పసిగట్టాలనే ఘాటు వాసన కలుపుతారు. ఆ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, స్విచ్చు వేయడం గానీ తీయడం గానీ చేయకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. ఫ్యాన్ వేసి వాసన పోగొడదామనుకునే తెలివి మా ఇంట్లోనే ఇద్దరికి ఉంది.

సిలిండర్ మెడ దగ్గర పట్టీ మీద ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే మార్చిలోపు, బీ అంటే జూన్‌లోపు, అలా డీ అంటే డిసెంబర్‌లోపు ఆ సిలిండర్‌ని మళ్లీ పరీక్షించాలి. గడువు దాటినది ఇస్తే వెనక్కి పంపేయొచ్చు. తూకం వేసి చూపించమని కూడా అడగొచ్చు: ఖాళీ బరువు దాని మీదే రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలపాలి. నేను అడిగితే తెచ్చినబ్బాయి నావైపు అదోలా చూశాడు. చూస్తే చూశాడు.

ఇక ఇండక్షన్. ఇందులో మంట లేదు, గొట్టం లేదు. లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది, అందులో కరెంటు వేగంగా దిశ మార్చుకోవడం వల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. మరి ప్రమాదం లేదా అంటే, ఉంది. అది గోడలో ఉంటుంది. రెండువేల వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను, లైటు కోసం పెట్టే చిన్న సాకెట్ తట్టుకునేది 6. మా మేనల్లుడు లావు ప్లగ్గు పట్టలేదని ముప్పై రూపాయల కన్వర్టర్ కొని సన్న సాకెట్‌లోనే తగిలించాడు. రెండు వారాలకు, చికెన్ ఉడుకుతుండగా ప్లాస్టిక్ కాలిన వాసన. లాగబోతే ప్లగ్గు సాకెట్‌కి అతుక్కుపోయింది. నేను వెళ్లేసరికి గోడ మీద అరచేయంత మసి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని కొన్న ఆ పొయ్యి డబ్బా మీద కంపెనీ చిరునామా కూడా లేదు. పొయ్యి బాగానే ఉంది గానీ, ఇల్లు ఓనరు ముఖం చూడలేకపోయాం.

కాబట్టి ఇండక్షన్ కొనేముందు 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఆ ఖర్చు పొయ్యి ధరలో కలుపుకోండి. కుక్కర్ కూడా చూసి కొనాలి. 2021 ఫిబ్రవరి నుంచి ఐఎస్ఐ మార్కు లేని ప్రెషర్ కుక్కర్ అమ్మకూడదు, అయినా అమ్మనిచ్చారని 2022లో పెద్ద ఆన్‌లైన్ సంస్థలకే లక్ష చొప్పున జరిమానా పడింది. మార్కు అసలుదో కాదో, ఆ మార్కు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో లైసెన్సు నంబరు కొట్టి చూసుకోవచ్చు.

డబ్బుల సంగతి. ఒక సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. ఐఎస్ఐ మార్కు గ్యాస్ పొయ్యి అందులో కనీసం 68 శాతం గిన్నెకు చేర్చాలి. ఇండక్షన్ 85 దాకా చేరుస్తుంది. అంటే ఒక సిలిండర్ వంటకు ఇండక్షన్ మీద 145 యూనిట్లు అనుకోండి. మీరు 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో ఉంటే యూనిట్ 6 రూపాయల చొప్పున 870. ఎండాకాలం ఏసీతో 225 దాటారా, 8.75 లెక్కన దాదాపు 1,270. వీటిని మీ ఊళ్లో సిలిండర్ ధర పక్కన పెట్టి చూసుకోండి. ట్రూ అప్ ఛార్జీలు, అంటే పాత ఏళ్ల ఖర్చుల తేడా అని తర్వాత బిల్లులో కలిపేవి, వేరే. వాటి గురించి మాట్లాడితే బీపీ పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, కరెంటు తక్కువ వాడి కింది శ్లాబుల్లో ఉండే మా అమ్మకే ఇండక్షన్ చవక. ఉచిత సిలిండర్లు వచ్చేదీ ఆవిడకే.

గిన్నెల దగ్గర మాత్రం అమ్మ గెలిచింది. ఆవిడ పెళ్లికి పెట్టిన బుడితి ఇత్తడి గిన్నె ఉంది, పండగ పాయసం అందులోనే. ఇండక్షన్ మీద పెడితే అది కుయ్ కుయ్‌మని ఆగిపోయింది. అడుగుకి అయస్కాంతం అతుక్కుంటేనే ఆ పొయ్యి పని చేస్తుంది. ఇత్తడి, కంచు, సత్తు గిన్నెలు పనికిరావు. సామానంతా మార్చుకోవాలంటే ఆ ఖర్చు ఎవరూ చెప్పరు. కట్టెల పొయ్యి గురించి ఇక చెప్పేదేం లేదు: జీడి కంప ఊరికే దొరుకుతుంది, నీళ్లు కాచుకోవడానికి పెరట్లో ఉండనివ్వండి.

మేనల్లుడి రూముకి మాత్రం ఇండక్షనే మేలు. కొత్త సాకెట్ వేయించాం. వాడి స్నేహితులు బజార్లో చిన్న సిలిండర్‌ని పెద్దదాంట్లోంచి నింపించుకుంటున్నారు, దానికంటే గోడ మీద మసి నయం. అంతగా గ్యాసే కావాలంటే ఏజెన్సీలో సీలుతో 5 కిలోలది దొరుకుతుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి: అన్నం, పప్పు, పాలు ఇండక్షన్ మీద, పులుసులు, వేపుళ్లు గ్యాస్ మీద. ఏప్రిల్, మే నెలల్లో ఇండక్షన్ అటకెక్కుతుంది.

అమ్మకు కొత్త గొట్టం బిగించి, సబ్బు నురగ రాసి బుడగలు రావడం లేదని చూసి వచ్చాను. పొయ్యి కోసం మేస్త్రీతో గట్టు కూడా కట్టించాను. "నిలబడి వండితే కాళ్లు లాగేస్తన్నాయిరా" అంటోంది ఫోన్లో. గట్టు మీద ఇప్పుడు పచ్చడి జాడీలున్నాయి. పొయ్యి ఇంకా గట్టెక్కలేదు.